వారెంట్ లేకుండా పోలీసులు వస్తే ఫ్లాట్‌లోకి రానివ్వాలా? అసోసియేషన్ సూచనల కోసం అడుగుతున్నాను

నిజాంపేట_సెక్రటరీ:
మాది నిజాంపేట వైపు 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, సగానికి పైగా అద్దెకున్నవాళ్లే. వాచ్‌మన్‌కీ, ఫ్లాట్లవాళ్లకీ ఒక పేజీ సూచనలు రాసివ్వాలని కమిటీ అనుకుంటోంది. వాట్సాప్ గ్రూపులో రెండు పార్టీలు తయారయ్యాయి. ఒకరిది "వారెంట్ లేకపోతే గడప దాటనివ్వక్కర్లేదు" అనే మాట. ఇంకొకరిది "పోలీసోళ్లతో మనకెందుకు, అడిగింది చూపించి పంపేద్దాం" అనే మాట. ఏది సరైంది? కార్డన్ సెర్చ్ అని తెల్లవారుజామున వస్తే ఏం చేయాలి? మఫ్టీలో వచ్చినవాళ్లను వాచ్‌మన్ ఏమడగాలి? సీసీ కెమెరాల డీవీఆర్ బాక్సు ఇవ్వమంటే ఇచ్చేయాలా? చట్టం తెలిసినవాళ్లు సెక్షన్లతో సహా చెప్పండి, నోటీసు బోర్డులో పెడతాం.

పంచనామా_పరిశీలన:
మీ గ్రూపులో రెండు పార్టీలదీ తప్పే. "వారెంట్ ఉందా" అనేది సినిమా ప్రశ్న. మన దగ్గర వారెంట్ లేకుండా ఇంట్లోకి వచ్చే అధికారం పోలీసులకు చాలా సందర్భాల్లో ఉంది. కాబట్టి అడగాల్సింది "ఏ కేసు, ఏ సెక్షన్, మనిషి కోసమా వస్తువు కోసమా" అని.

2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ (దర్యాప్తు, అరెస్టు, సోదా ఎలా చేయాలో చెప్పే చట్టం) స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. వస్తువు కోసం వస్తే సెక్షన్ 185 చూడండి, పాత 165 అదే. స్టేషన్ ఇన్‌చార్జి గానీ, దర్యాప్తు చేస్తున్న అధికారి గానీ వారెంట్ లేకుండా సోదా చేయొచ్చు. ఊరికే కాదు. దర్యాప్తులో ఉన్న కేసు ఒకటి ఉండాలి. ఆ వస్తువు ఫలానా చోట ఉందని నమ్మడానికి కారణం ఉండాలి. కోర్టుకెళ్లి వారెంట్ తెచ్చేలోపు ఆలస్యమై పని చెడుతుందనిపించాలి. ఈ కారణాలు, వెతుకుతున్న వస్తువు వివరం సోదాకు ముందే కేస్ డైరీలో రాయాలి. అధికారి స్వయంగా రాలేకపోతే కింది అధికారికి రాతపూర్వకంగా ఆర్డర్ ఇచ్చి పంపాలి, నోటిమాట చాలదు. సోదాను ఆడియో వీడియో రికార్డు చేయాలి. రాసుకున్న కాగితాల కాపీ 48 గంటల్లోపు మేజిస్ట్రేట్‌కు వెళ్లాలి. ఇంటివాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే ఆ కాపీ మేజిస్ట్రేట్ ఉచితంగా ఇస్తారు. ఈ ఆఖరి వాక్యం చాలామందికి తెలియదు. నిజానికి పనికొచ్చేది అదే.

మనిషి కోసం వస్తే సెక్షన్ 44, పాత 47. అరెస్టు చేసే అధికారం ఉన్న పోలీసు, తనకు కావలసినవాడు ఫలానా ఇంట్లో ఉన్నాడని నమ్మితే ఇంటివాళ్లు లోపలికి వదలాలి. ఎవరో, ఎందుకు వచ్చారో చెప్పి అడిగినా తీయకపోతే తలుపు పగలగొట్టే అధికారం కూడా అందులోనే ఉంది. అయితే ఆ అధికారం మనిషిని వెతకడానికి మాత్రమే. మంచం కింద చూడొచ్చు, బాత్రూమ్ చూడొచ్చు, బాల్కనీ చూడొచ్చు. బీరువాలో లాకర్ తెరవండి, ల్యాప్‌టాప్ ఇవ్వండి అంటే అది 44 దాటి 185లోకి వెళ్లిపోయినట్టే. అక్కడ మర్యాదగా "కేసు నంబరు చెప్పండి సార్" అనండి.

తలుపు దగ్గర పద్ధతి: బయటి గ్రిల్ వేసే ఉంచి మాట్లాడండి. పేరు, హోదా, స్టేషన్ అడిగి ఐడీ కార్డు చూడండి. అనుమానంగా ఉంటే 100కి ఫోన్ చేసి "ఫలానా స్టేషన్ నుంచి ఫలానా ఎస్సై మా ఇంటికొచ్చారు, నిజమేనా" అని కనుక్కోండి. రెండు మూడు నిమిషాల పని. నిజమైన పోలీసుకు అందులో ఇబ్బంది లేదు. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టండి.

ఆ తర్వాత కూడా లోపలికి వస్తామంటే చేతులు అడ్డం పెట్టొద్దు. "నేను ఒప్పుకోవట్లేదు, అడ్డుపడట్లేదు" అని రికార్డులో వినపడేలా ఒక్కసారి చెప్పి పక్కకు జరగండి.

బార్_కౌన్సిల్_బల్ల:
పై సలహాలో "అడ్డుపడట్లేదు" అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. రాధాకిషన్ వర్సెస్ ఉత్తరప్రదేశ్ తీర్పులో సుప్రీంకోర్టు, సోదా నిబంధనలు పాటించని సోదాను ఇంటివాళ్లు ఎదిరించవచ్చనే చెప్పింది. తీర్పు 1963 రిపోర్టుల్లో ఉంది. చట్టం ఆ హక్కు ఇచ్చాక మనమే ఎందుకు వదులుకోవాలి?

పంచనామా_పరిశీలన:
తీర్పు నిజమే. కానీ అందులో రెండో సగం కూడా ఉంది: సోదా చట్టవిరుద్ధం అయినంత మాత్రాన దొరికిన వస్తువు సాక్ష్యంగా చెల్లకుండా పోదు, కోర్టు ఆ సాక్ష్యాన్ని జాగ్రత్తగా పరీక్షిస్తుంది, అంతే. 1973లో పూరణ్‌మల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం కూడా ఆ దారిలోనే వెళ్లింది. అమెరికా పద్ధతిలో "వారెంట్ లేదు కాబట్టి సాక్ష్యం చెత్తబుట్టలోకి" అన్నది ఇక్కడ పనిచేయదు.

ఇక ఎదిరించడం సంగతి. సోదా చట్టబద్ధమా కాదా అన్నది గుమ్మం దగ్గర తేలదు, నెలల తర్వాత కోర్టులో తేలుతుంది. ఈలోపు మీరు చేయి పెట్టి తోస్తే బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 132, రెండేళ్ల దాకా శిక్ష. తోయకుండా దారికి అడ్డం నిలబడ్డా 221 రాయొచ్చు, మూడు నెలల దాకా. పైగా బీఎన్‌ఎస్‌లోనే సెక్షన్ 37 ఒకటుంది. ప్రభుత్వ ఉద్యోగి సదుద్దేశంతో, హోదా ప్రకారం చేసే పని చట్టం ప్రకారం కొంచెం అటూఇటూ అయినా, దానివల్ల ప్రాణభయం, తీవ్రగాయం భయం లేనప్పుడు ఆత్మరక్షణ హక్కు వర్తించదు. మీరు కోర్టులో వాదించుకోవడానికి బాగుంటుంది గానీ నోటీసు బోర్డులో పెట్టే సలహా కాదది.

ఎన్‌డీపీఎస్_నోట్స్:
గంజాయి, డ్రగ్స్ అనుమానంతో వస్తే లెక్క వేరు. బ్యాచిలర్ ఫ్లాట్లు ఎక్కువ కాబట్టి మీకిది ముఖ్యం. హైదరాబాద్‌లో స్టేషన్ వాళ్లే కాక టాస్క్‌ఫోర్స్, ఎస్‌వోటీ (స్పెషల్ ఆపరేషన్స్ టీమ్), ఈగల్ (డ్రగ్స్ మీద పనిచేసే పోలీసు విభాగం) లాంటి బృందాలు వస్తాయి, చాలాసార్లు మఫ్టీలోనే.

ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) సెక్షన్ 42 ప్రకారం సమాచారం అందిన అధికారి దాన్ని ముందు కాగితం మీద పెట్టాలి. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా వారెంట్ లేకుండా రావొచ్చు. చీకటి పడ్డాక అయితే, వారెంట్ తెచ్చేలోపు సరుకు మాయమవుతుందనో మనిషి పారిపోతాడనో నమ్మడానికి కారణం రాసి మరీ రావాలి. ఆ రాతల కాపీ 72 గంటల్లో పై అధికారికి చేరాలి. (మామూలు కేసుల 185లో ఇలా పగలూ రాత్రీ తేడా లేదు. గ్రూపులో ఎవరో ఒకరు "రాత్రి సోదా చెల్లదు" అంటారు, నమ్మకండి.)

ఒంటి మీద సోదాకు సెక్షన్ 50: గెజిటెడ్ అధికారి గానీ మేజిస్ట్రేట్ గానీ ఎదుట సోదా కోరుకునే హక్కు ఉందని ముందే చెప్పాలి. 2010లో విజయ్‌సింగ్ చందుభా జడేజా కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇది తు.చ. తప్పకుండా పాటించాల్సిందే అంది. కానీ ఇది బ్యాగుకూ గదికీ వర్తించదు, ఒంటికే. కంగారులో కుర్రాళ్లు "వద్దు సార్, మీరే చూడండి" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టేస్తారు. అది చదవకుండా పెట్టొద్దని సూచనల్లో తప్పకుండా రాయండి.

పంచనామా_పరిశీలన:
సెక్రటరీగారూ, మీరు అడగని విషయం ఒకటుంది, మీకు నేరుగా తగిలేది అదే. సోదాకు బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 103 ప్రకారం ఆ ప్రాంతానికి చెందిన ఇద్దరు స్వతంత్ర పెద్దమనుషులు సాక్షులుగా ఉండాలి. అపార్ట్‌మెంట్‌లో ఆ ఇద్దరు ఎవరు? ఒకరు మీరు, రెండోవారు వాచ్‌మన్. రాతపూర్వకంగా పిలిచినా సరైన కారణం లేకుండా రానంటే బీఎన్‌ఎస్ 222 కింద నేరం. కాబట్టి వెళ్లండి, కానీ మొదట్లోనే వెళ్లండి. తలుపు తీసే ముందు నుంచి సామాను సీలు వేసేదాకా గదిలో ఉండాలి. సోదా అయిపోయాక కిందికి వచ్చి "ఇక్కడో సంతకం పెట్టండి" అంటే, చూడనిదానికి సంతకం పెట్టొద్దు. ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

ఇంట్లోకి అడుగు పెట్టకముందే "మీ జేబులు, బ్యాగులు ఒకసారి చూపిస్తారా" అని బృందాన్ని అడగొచ్చు. ఇది మొహమాటం వదిలి అడగాల్సిన ప్రశ్న. ఒకరు హాల్లో, ఒకరు బెడ్‌రూమ్‌లో, ఒకరు వంటింట్లో ఏకకాలంలో వెతుకుతుంటే సాక్షి ఎవరిని చూడగలడు? ఒక్కో గదీ వరసగా చూడమనండి.

స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా అక్కడికక్కడే రాయాలి, ఏది ఎక్కడ దొరికిందో సహా. ఇంటివాళ్లకు అక్కడ ఉండే హక్కు ఉంది, జాబితా కాపీ తీసుకునే హక్కూ ఉంది. "స్టేషన్‌కొచ్చి తీసుకోండి" అంటే ఒప్పుకోకండి. ఫోన్ అయితే "ఒక నల్ల మొబైల్" అని రాస్తే చాలదు. కంపెనీ, మోడల్, రెండు ఐఎంఈఐ నంబర్లు, సిమ్ వివరం ఉండాలి. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే ఐఎంఈఐ తెర మీదే కనిపిస్తుంది. నగదు అయితే నోట్ల విలువలవారీగా లెక్క. కాపీ అందుకున్నప్పుడు మీ సంతకం పక్కన తేదీ, టైము మీ చేత్తోనే వేయండి. అభ్యంతరం ఉంటే ఆ వాక్యం కూడా అక్కడే.

వీడియో సంగతి సెక్షన్ 105లో ఉంది: సోదా, జాబితా తయారీ, సాక్షుల సంతకాలు అన్నీ రికార్డు కావాలి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కు పంపాలి. దీనికి పోలీసుల దగ్గర ఈ-సాక్ష్య అనే యాప్ ఉంది. "రికార్డింగ్ మొదలైందా సార్" అని అడిగితే సరిపోతుంది.

బస్తీ_లైబ్రరీ:
కార్డన్ సెర్చ్ గురించి ఎవరూ చెప్పలేదు. పేపర్లలో "నిర్బంధ తనిఖీలు" అని వచ్చేవి అవే. బస్తీ మొత్తాన్ని చుట్టుముట్టి ప్రతి ఇల్లూ సోదా చేయమని చెప్పే సెక్షన్ బీఎన్‌ఎస్‌ఎస్‌లో లేదు. 185 అడిగేది ఒక ఫలానా ఇంటి గురించి, ఒక ఫలానా వస్తువు గురించి కారణం. బండి కాగితాలు అడిగితే కిందికి దిగి చూపించండి, ఆర్సీ లేని బళ్లే అక్కడ ఎక్కువగా పట్టుబడతాయి. ఆధార్ అడిగితే గుమ్మం దగ్గరే చూపించొచ్చు. లోపలికి వస్తామంటే పైన చెప్పిన ప్రశ్నే: ఏ కేసులో?

ఈ వాదనకు మన ఊరి పేరున్న తీర్పే ఉంది. డిస్ట్రిక్ట్ రిజిస్ట్రార్ అండ్ కలెక్టర్, హైదరాబాద్ వర్సెస్ కెనరా బ్యాంక్, 2004. స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ప్రకారం కలెక్టర్ పంపినవాళ్లెవరైనా లోపలికొచ్చి కాగితాలు చూసి పట్టుకెళ్లవచ్చు. కారణం రాయాలన్న షరతు లేని ఆ అధికారాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రైవసీ అనేది చోటుకు కాదు, మనుషులకు ఉండే హక్కు అంది. రౌడీషీట్ ఉన్నవాడి ఇంటికి కూడా అర్ధరాత్రి తలుపు తట్టి చూసొచ్చే అధికారం రాజ్యాంగం ముందు నిలవదని ఖరక్‌సింగ్ కేసులో 1962లోనే తేల్చారు.

నిజాంపేట_సెక్రటరీ:
చాలా ఉపయోగం. ఆడపిల్లలు ఉండే ఫ్లాట్లు ఆరు ఉన్నాయి, ఒంటరి పెద్దవాళ్లవి నాలుగు. వాళ్లకు వేరే రూల్ ఏమైనా ఉందా? డీవీఆర్ సంగతి కూడా మిగిలిపోయింది.

ఎన్‌డీపీఎస్_నోట్స్:
సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితి అయితే మహిళా అధికారి రాతపూర్వకంగా రిపోర్టు ఇచ్చి మేజిస్ట్రేట్ అనుమతి ముందుగా తేవాలి, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 43. ఒంటి సోదా మహిళే చేయాలి. మగ పోలీసులు రాత్రి ఇంట్లోకి రాకూడదని మాత్రం ఎక్కడా లేదు, కాబట్టి "మహిళా కానిస్టేబుల్‌ని పిలిపించండి, అంతవరకూ గ్రిల్ దగ్గరే మాట్లాడదాం" అనడం మేలు. ఘోషా పాటించే ఇళ్లలో 44 కింద తలుపు పగలగొట్టాల్సి వచ్చినా, ఆ ఆడవాళ్లకు ముందు చెప్పి బయటికి వెళ్లే వీలు ఇవ్వాలి.

సాక్షిగా ప్రశ్నించాలంటే సెక్షన్ 179: మహిళలను, 60 దాటినవాళ్లను, 15 లోపు పిల్లలను, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లను స్టేషన్‌కు రమ్మనకూడదు, వాళ్లుండే చోటికే రావాలి. నిందితులను హాజరు కమ్మని ఇచ్చే సెక్షన్ 35 నోటీసు వాట్సాప్‌లో వస్తే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని "డిజిటల్ అరెస్టు" అనేవాడైతే పోలీసే కాదు, కట్ చేసి 1930కి ఫోన్ చేయండి. ఎవరినైనా నిజంగా తీసుకెళ్తుంటే అరెస్టు మెమో మీద ఇంటివాళ్లలో ఒకరిదో, ఆ ప్రాంతపు పెద్దమనిషిదో సాక్షి సంతకం తీసుకోవాలి, తీసుకెళ్లే అధికారి పేరు బ్యాడ్జి కనపడాలి.

ఒక మినహాయింపు. లోపల కేకలు, కొట్లాట, మంటలు, ఎవరో 100కి ఫోన్ చేసిన సందర్భం అయితే ఈ ప్రశ్నలన్నీ పక్కన పెట్టి తలుపు తీయండి.

కెమెరా_వైరింగ్:
డీవీఆర్ బాక్సు ఇచ్చేయొద్దు, అలాగని లేదనీ చెప్పొద్దు. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 94 కింద రాతపూర్వక నోటీసు అడగండి: ఏ తేదీ, ఏ టైము నుంచి ఏ టైము దాకా, ఏ కెమెరా. ఆ ముక్క మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి రసీదు తీసుకుని ఇవ్వండి. నోటీసు రావడానికి రెండు రోజులు పట్టేలా ఉంటే ఈలోపే కాపీ తీసి పెట్టుకోండి. చాలా డీవీఆర్‌లు హార్డ్‌డిస్కు నిండగానే పాతదాని మీదే రాసేస్తాయి, ఎన్ని రోజులు ఆగుతుందో డిస్కు సైజును బట్టి ఉంటుంది. ఆ తర్వాత "ఆధారం మాయం చేశారు" అన్న మాట పడేది మీకే.

పెన్‌డ్రైవ్‌తో పాటు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ అడుగుతారు. అందులో పార్ట్ ఏ మీద సంతకం డీవీఆర్ బాధ్యత ఉన్నవాళ్లది, పార్ట్ బీ నిపుణుడిది. హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి నంబరు) రాయాలి. ఫైలు ఎక్కించిన వెంటనే లెక్కించి రాసుకోకపోతే, మధ్యలో ఎవరైనా ఫైలును మార్చినా పట్టుకోలేరు. బాక్సునే తీసుకెళ్తామంటే పంచనామా రాయించి, బాక్సు సీరియల్ నంబరు, లోపలి హార్డ్‌డిస్కు సీరియల్ నంబరు రెండూ వేయించండి.

ఇవన్నీ చేసేముందు డీవీఆర్ గడియారం సరిచేయించండి. 11 నిమిషాలు ముందుకో వెనక్కో ఉన్న గడియారంతో పోలీసులు ఎప్పుడు వచ్చారో చెప్పలేరు, ఎప్పుడు వెళ్లారో చెప్పలేరు. సరిచేసిన తేదీ వాచ్‌మన్ రిజిస్టర్‌లో రాసి పెట్టండి. ఆ రిజిస్టర్‌లోనే పోలీసుల కోసం ఒక పేజీ వదలండి: పేరు, స్టేషన్, బండి నంబరు, వచ్చిన టైము, వెళ్లిన టైము. వాళ్లు రాయనంటే గొడవ పడకుండా వాచ్‌మన్నే రాసుకోమనండి.