రిమోట్ విమానం: స్టిక్ ముట్టకున్నా ఎలివేటర్ (తోక మీద లేచి దిగే పలక) వణుకుతుంది, రోగం రిమోట్‌దా, సర్వోదా (ఆ పలకను కదిలిచ్చే చిన్న మోటార్)? ఎగరేసే ముందు ఇంకేమేం చూడాలె?

పానగల్లు_పోరడు:
అన్నలందరికి నమస్తే. మాది నల్గొండ, పానగల్లు దిక్కు. ఫోమ్‌బోర్డుతోని చేసిన ట్రైనర్ (నేర్చుకునేటోళ్ల రిమోట్ విమానం) ఉంది, నాలుగు ఛానెళ్లు, రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్‌ది, గింబల్స్ (స్టిక్‌లు కూసునే భాగాలు) పాత రకం పాట్‌లవే (పొటెన్షియోమీటర్లు). వానకాలమంత రిమోట్ అటక మీద పెట్టిన, ఇప్పుడు వరి కోతలైనయి మడులు ఖాళీ ఉన్నయి ఎగరేద్దామని దించి ఆన్ చేస్తే స్టిక్ ముట్టకున్నా ఎలివేటర్ సన్నగ వణుకుతుంది, ఒక్కోసారి ఆగుతది, స్టిక్ జర గుంజి వదిలితే మళ్ల షురూ. మా దోస్తేమో డబ్ల్యూడీ ఫార్టీ కొట్టు సాఫ్ అయితది అంటుండు, ఇంకొకాయన సర్వో పోయింది కొత్తది తెప్పియ్ అంటుండు. ఎవరి మాట వినాలె?
ఇంకొకటి, ఇక్కడ నేర్పేటోళ్లు ఎవరు లేరు, ఒక్కన్నే నేర్చుకుంటున్న. వీడియోలల్ల అందరు స్టిక్‌లు అటిటు ఊపి లేపుతున్నరు, చెకింగ్ అంటే గంతేనా?

పాలమూరు_బాల్సా:
తమ్మీ ఇప్పుడే ఏం కొనకు, ఏం కొట్టకు. నీ రిమోట్ మెనూల ఛానెళ్ల బార్లు చూపించే స్క్రీన్ ఒకటి ఉంటది, దాదాపు అన్నిట్ల ఉంటది. విమానం ఆన్ చేసే పనే లేదు, ఉత్త రిమోట్ ఆన్ చేసి ఆ స్క్రీన్ పెట్టి స్టిక్ మీదికెళ్లి చెయ్యి తీసెయ్. ఎలివేటర్ బార్ దానంతట అదే కదులుతుంటే రోగం రిమోట్‌ల ఉన్నట్టు, బార్ కదలకుండ నిలబడ్డది కాని విమానంల మాత్రం వణుకుతుంది అంటే సర్వోనో వైరో ఈఎస్‌సీ (మోటార్ స్పీడు చూసుకునే బోర్డు) నుంచి వచ్చే కరెంటో. అట్లయితే ఎలివేటర్ ప్లగ్గు గుంజి రిసీవర్ల (విమానంల సిగ్నల్ అందుకునే బోర్డు) రడ్డర్ (తోక మీది నిలువు పలక) జాగల పెట్టి చూడు. వణుకుడు సర్వోతోని పాటే పోతే సర్వోదే తప్పు, ఆగిపోతే రిసీవర్‌ల ఆ పిన్ను కాడ చూడాలె. ప్రాప్ (మోటార్ తిప్పే పంకా) తీసే చెయ్యి ఇవన్ని.
గుంజి వదిలితే మళ్ల షురూ అయితది అన్నవు కాబట్టి నా అనుమానమైతే పాట్ మీదనే. లోపల కార్బన్ పట్టీ మీద సన్న రేకు రాసుకుంటది, ఎలివేటర్ స్టిక్ ఎప్పుడు నడిమిట్లకే వచ్చి ఆగుతది గద, పట్టీ ఆడనే అరుగుతది, దుమ్ము తేమ కూడ ఆడనే కూసుంటయి. హాల్ సెన్సర్ గింబల్‌ల రాసుకునుడే ఉండది, అయస్కాంతం పని, అందుకే వాటికి ఈ బాధ తక్కువ.

మిర్యాలగూడ_వైర్లు:
టీవీలు, యాంప్లిఫైర్లు బాగు చేసేటోన్ని, నా మాట గూడ వినుండ్రి. యాంప్లిఫైర్ వాల్యూమ్ తిప్పితే బర్ర్ అంటది చూడు, అదే జబ్బు ఇది. మామూలు డబ్ల్యూడీ ఫార్టీ డబ్బా పాట్‌ల కొట్టొద్దు, నూనె పొర ఉండిపోతది, దానికి మళ్ల దుమ్ము అంటుకుంటది, అటెన్క మొదటికన్న ఖరాబ్ అయితది. ప్లాస్టిక్‌ను తినని ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కావాలె, హైదరాబాద్ పోయేటోళ్లుంటే కోఠి గుజరాతీ గల్లీల తెప్పియ్, ఆన్‌లైన్‌ల గూడ దొరుకుతది. సెల్లులు తీసెయ్, వెనక స్క్రూలు విప్పే ముందు ఫోన్‌ల ఫొటో తీసి పెట్టుకో, వెనక మూతకు సన్న వైర్లుంటయి గుంజకు. పాట్ సందులకు జర్రంతే కొట్టి స్టిక్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు బాగ ఆడియ్యి, మంచిగ ఆరనియ్యి, మూత పెట్టినంక మెనూల స్టిక్ కాలిబ్రేషన్ తప్పక చెయ్యాలె, లేకపోతే నడిమి జాగ తప్పు చూపిస్తది. ఇంత చేసినా బార్ కదిలితే పట్టీ అరిగినట్టే, పాట్ మీద నంబర్ రాసుంటది, అదే విలువది తెచ్చి సోల్డర్ కొట్టియ్యి.
దుమ్ముకు మెత్తటి బ్రష్ చాలు. పంచర్ షాపుకు పోయి కంప్రెసర్ గాలి కొట్టియ్యకు, ఆ ట్యాంకుల నీళ్లుంటయి, బోర్డు మీదికి తుంపర వస్తది.
సెల్లుల స్ప్రింగులు కూడ చూడు, తెల్లగనో పచ్చగనో పొడి లేచి ఉంటే సెల్లు కారిందన్నట్టు. ఆల్కలైన్ సెల్లుల కారేది క్షారం, అందుకే దూది పుల్లకు నిమ్మరసమో వెనిగరో అద్ది తుడిస్తే పోతది, ఆ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోని తుడిచి ఆరబెట్టు. కొత్త సెల్లులు పాతయి కలిపి ఎయ్యొద్దు. మల్లా వానకాలం అటక ఎక్కిచ్చే ముందు సెల్లులు తీసి పెట్టు.

జడ్చర్ల_సార్:
రిమోట్ సంగతి పైవాళ్లు చెప్పారు, నేను రెండో ప్రశ్నకు వస్తా. స్టిక్‌లు అటూ ఇటూ ఊపితే ఏదో కదిలింది అని మాత్రమే తెలుస్తుంది. ఎటు కదిలింది అన్నదే చూడాలి. విమానం వెనక నిలబడి స్టిక్ కుడికి కొడితే కుడి రెక్క ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) పైకి లేవాలి, ఎడమది దిగాలి. స్టిక్ నీ వైపు లాగితే ఎలివేటర్ పైకి, రడ్డర్ కుడికి కొడితే కుడికే. వినడానికి చిన్నపిల్లల పాఠంలా ఉంటుంది గానీ రెక్క ఊడదీసి మళ్లీ బిగించినప్పుడు ప్లగ్గులు తారుమారవుతాయి, రిమోట్‌లో వేరే విమానం మెమరీ సెలెక్ట్ అయి ఉంటుంది, అప్పుడు అన్నీ చక్కగా కదులుతాయి కానీ ఉల్టా కదులుతాయి. ఐలరాన్ ఉల్టా ఉన్న విమానాన్ని గాల్లో సరిచేసుకోవడం చేయి తిరిగినవాళ్లకే కష్టం. అందుకని ముందు స్క్రీన్ మీద మోడల్ పేరు చదవండి, తర్వాతే మిగతావి.
ఆన్ చేసేటప్పుడు థ్రాటిల్ (మోటార్ వేగం పెంచే స్టిక్) కిందికి పెట్టి రిమోట్ ముందు, విమానం తర్వాత. ఆపేటప్పుడు విమానం ముందు, రిమోట్ చివర. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ తెగితే మోటార్ ఆగే ఏర్పాటు) ఇంట్లోనే చూసుకోవాలి, ప్రాప్ తీసేసి కొంచెం థ్రాటిల్ ఇచ్చి రిమోట్ ఆపేయండి, మోటార్ ఆగాలి. కొన్ని రిసీవర్లు చివరగా అందిన సిగ్నల్‌నే పట్టుకుని కూర్చుంటాయి, ఆగకపోతే మెనూలో ఫెయిల్‌సేఫ్ సెట్ చేయకుండా పొలానికి పోవద్దు.
ఫోమ్‌బోర్డు అన్నారు కాబట్టి ఒక మాట. మన పాలమూరు, నల్గొండ ఎండలకు కారులో పెట్టిన విమానం హాట్ గ్లూ మెత్తబడుతుంది, కంట్రోల్ హార్న్ (కదిలే పలకకు అతికించిన చిన్న కొమ్ము) చూపుకు బాగానే ఉంటుంది, పట్టి లాగితే చేతికొస్తుంది. ప్రతి హార్న్, ప్రతి హింజ్ (కీలు) వేళ్లతో పట్టి కొంచెం గట్టిగానే లాగి చూడండి. సర్వో చేయి మధ్య స్క్రూ ఉందా, పుష్‌రాడ్ (సర్వో నుంచి హార్న్‌కు పోయే కడ్డీ) ఎక్కడైనా తగులుతుందా, దాని కొసన ఉండే క్లిప్పు, అంటే క్లెవిస్ మూసుకుందా. లైపో (విమానంలోని లిథియం బ్యాటరీ) నిండా చార్జ్ చేసి అదే కారులో వదిలేయడం ఇంకా ప్రమాదం, ఎగరేయని రోజుల్లో సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర పెట్టి ఉంచాలి.
సిగ్నల్ దూరం చూసుకోవడానికి రిమోట్‌లో రేంజ్ చెక్ అని మోడ్ ఉంటుంది, అది రిమోట్ పవర్ తగ్గిస్తుంది. విమానాన్ని నేల మీద కాకుండా స్టూలు మీదో కారు బానెట్ పక్కన చెక్కపెట్టె మీదో పెట్టి సుమారు 30 అంగల దూరం పోయి స్టిక్‌లు కదిలించండి, సర్వోలు వెంటనే పలకాలి. కచ్చితంగా ఎంత దూరం అనేది మీ రిమోట్ పుస్తకంలో చూసి అంతే పోండి.

పాలమూరు_బాల్సా:
సార్, అంతా ఒప్పుకుంట గని కారు బానెట్ పక్కన వద్దు, ఇనుము దగ్గరుంటే సిగ్నల్ లెక్క తప్పుతది, ఉత్త మడిలనే పెట్టాలె. మోటార్ నడిపిచ్చి కూడ ఒకసారి చూడాలె, మోటార్ ఆగి ఉన్నప్పుడు మంచిగుండి, తిరిగినప్పుడు సర్వోలు ఎగరుడు నేను మస్తు చూసిన. రిసీవర్ యాంటెన్నాలు రెండుంటే ఒకటి అడ్డం ఒకటి నిలువు, 90 డిగ్రీలు ఉండాలె, రిమోట్ యాంటెన్నా మొన విమానం దిక్కు చూపెట్టొద్దు, మొన దిక్కే సిగ్నల్ తక్కువ.
తమ్మీ నీ దాంట్ల గైరో (విమానం ఒరిగితే దానంతట అదే సరిచేసే సెన్సర్) పెట్టినవా? పెడితే అది వేరేగ చూడాలె, కుడి రెక్క కిందికి వంచితే కుడి ఐలరాన్ కిందికే దిగాలె, అంటే రెక్కను లేపేటట్టు. స్టిక్ సరిగ్గ ఉండి గైరో ఉల్టా ఉంటే లేచిన జరసేపటికే పల్టీ.

పానగల్లు_పోరడు:
బాల్సా అన్నా, గైరో లేదు. బార్ స్క్రీన్ దొరికింది, మీరన్నట్టే చెయ్యి పెట్టకుండనే బార్ అటిటు ఊగుతుంది, మిగిలిన మూడు నిలబడ్డయి. ఇంకొకటి, ఒక స్ప్రింగుకు పచ్చగ పట్టి ఉంది, నిమ్మకాయతోని తుడిచిన, పోయింది గని బార్ ఊగుడు మాత్రం పోలే. ఇప్పుడు క్లీనర్ ఆర్డర్ పెట్టిన. సర్వో అయితే కొనలే, పైసలు మిగిలినయి.
మోటార్ నడిపిచ్చుకుంట రేంజ్ చెక్ ఒక్కన్నే ఎట్ల చెయ్యాలె, విమానం ఎవరు పట్టుకోవాలె?

మిర్యాలగూడ_వైర్లు:
మిగిలిన మూడు నిలబడ్డయి అంటే కరెంటు మంచిగనే ఉంది, ఆ ఒక్క పాటే. రెండు గింబల్స్ ఎట్లాగూ విప్పుతవు కాబట్టి నాలుగు పాట్లకు కొట్టు.

జడ్చర్ల_సార్:
బానెట్ సంగతి బాల్సా గారు చెప్పింది నిజం, ఖాళీ మడే మేలు. మోటార్ నడిపేటప్పుడు ఒక్కరే చేయొద్దు. ఒకరు వెనక కూర్చుని రెక్కల మొదట్లో రెండు చేతులతో పట్టుకోవాలి, ప్రాప్ ముందుగానీ పక్కనగానీ ఎవ్వరూ ఉండొద్దు, పొలంలో పిల్లలు గుమిగూడితే ముందు వాళ్లను గట్టు అవతలికి పంపండి. పోయే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో (ప్రభుత్వం డ్రోన్ల కోసం పెట్టినది) మీ ఊరు గ్రీన్ జోనా (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటా) చూసుకోండి, 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్ అనేది 400 అడుగుల ఎత్తు వరకే.

పానగల్లు_పోరడు:
సరే సార్. ఆదివారం మా చిన్నాయన కొడుకు వస్తడు, వాన్ని పట్టుకోమంట. క్లీనర్ అప్పటికి రాకపోతే ఎగరేసుడు బంద్, ఉత్త హార్న్‌లు గుంజి చూస్త.