డౌన్‌లోడ్ చేసుకున్న పాట ఎలా మాయమవుతుంది?

రాత్రిశ్రోత:
ఏడేళ్లుగా ఒకే మ్యూజిక్ సర్వీసుకు నెలనెలా చందా కడుతున్నాను. నాన్న పోయిన ఏడాది ఆయనకు ఇష్టమైన పాటలు ఏరి ఒక ప్లేలిస్ట్ చేసుకున్నాను. మొత్తం 46. మొన్న తెరిస్తే 11 మోగడం లేదు. ముందుగా ఒక్క మెసేజ్ కూడా లేదు. అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నవే. చందా ఆపేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?

సూటిమాట:
డౌన్‌లోడ్ అన్న మాట దగ్గరే పొరబడ్డారు. ఫోన్‌లోకి వచ్చేది తాళం వేసిన ఫైలు, ఆ యాప్ ఒక్కటే తెరవగలదు. స్పాటిఫైలో అయితే కనీసం 30 రోజులకోసారి ఆన్‌లైన్‌కి రావాలి, లేకపోతే డౌన్‌లోడ్లు పోతాయి. పాట హక్కులున్న కంపెనీతో, అంటే లేబుల్‌తో, లైసెన్సు ముగిసినా పాట పోతుంది. షరతుల్లో ఉన్నదే ఇది, మోసం కాదు.

రాత్రిశ్రోత:
షరతుల్లో ఉండొచ్చు. బటన్ మీద మాత్రం డౌన్‌లోడ్ అనే ఉంది. "కొన్నాళ్లు వినండి" అని లేదు.

గాలివాటం:
సీడీలు కొనుక్కోండి. గొడవ వదిలిపోతుంది.

సూటిమాట:
ఒక్క మాట పట్టుకుని లాగుతున్నారు. 2022 జనవరిలో గాయకుడు నీల్ యంగ్ తన పాటల్ని స్పాటిఫై నుంచి తీయించుకున్నారు, 2024లో తిరిగొచ్చాయి. ఆయన వద్దన్నా ఉంచాలా?

రాత్రిశ్రోత:
ఆయన కోవిడ్ టీకాల మీద తప్పుడు ప్రచారానికి నిరసనగా తీయించారని లోకమంతటికీ తెలుసు. నా 11 పాటలు ఎవరు తీశారో నాకెవరూ చెప్పలేదు. కస్టమర్ సపోర్ట్‌కి మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఒకటే జవాబు, యాప్ తీసేసి మళ్లీ వేసుకోమని. వేసుకున్నాను. మిగతా 35 డౌన్‌లోడ్లు కూడా పోయాయి, అన్నీ మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది.

నిద్రలేమి:
నాకూ ఇదే అయింది. పైగా ప్లేలిస్ట్ అయిపోగానే అడగని పాటలు వరసగా మొదలవుతాయి.

వేణువు:
వాయించేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నేను సొంతంగా పాటలు పెడతాను. మీ చందా మీరు విన్నవాళ్లకే చేరుతుందని అనుకుంటున్నారా? స్పాటిఫైలాంటి వాటిలో అందరి డబ్బూ ఒక్క కుప్పగా పోసి, మొత్తం వినికిడిలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. నెలంతా మీరు నన్నొక్కణ్ణే విన్నా మీ డబ్బు దాదాపు అంతా పెద్దవాళ్లకే పోతుంది. 2024 నుంచి స్పాటిఫైలో ఇంకో నిబంధన: గడిచిన 12 నెలల్లో 1,000 సార్లు మోగని పాటకు రికార్డింగ్ మీద రావాల్సిన సొమ్ము, అంటే రాయల్టీ, ఏమీ రాదు. 30 సెకన్లు వింటేనే ఒకసారి కింద లెక్క. సౌండ్‌క్లౌడ్ అనే ఇంకో సర్వీసు 2021లోనే ఎవరి డబ్బు వాళ్లు విన్నవాళ్లకే చేరే పద్ధతి పెట్టింది. చేయలేని పనేం కాదు.

సూటిమాట:
టాపిక్ మార్చకండి. మాట్లాడుతున్నది డౌన్‌లోడ్ గురించి.

వేణువు:
నా పాట ఊరికే మోగుతుంటే అది టాపిక్ కాదా? చందా కట్టేశాం కదా అని చేతులు దులుపుకునే మీలాంటి వాళ్ల వల్లే మేం ఇలా ఉన్నాం.

సూటిమాట:
మీలాంటి వాళ్లు అంటే ఎవరండీ? చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్క క్యాసెట్ కొనే స్తోమత లేదు. పక్కింట్లో పెడితే గోడకి చెవి ఆనించి వినేవాణ్ణి. ఇవాళ కోట్ల పాటలు నా చేతిలో ఉన్నాయి. ఆపేయండి, కొనుక్కోండి అని మీరంతా అంటుంటే, కొనలేనివాడు వినక్కర్లేదన్నట్టు ఉంది నాకు. ఇంతసేపూ నా కోపం అదే.

రాత్రిశ్రోత:
అలా అనలేదండీ నేను. వినడానికి చందా మంచిదే. నా తప్పు వేరే, నాన్న పాటలు దాచే పని కూడా వాళ్లకే అప్పజెప్పాను. ఏడేళ్లు కట్టాను కాబట్టి నావే అనుకున్నాను.

వేణువు:
నేనూ కాస్త ఎక్కువే అన్నాను. రాయల్టీ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

సూటిమాట:
నేను చందా ఆపను. కానీ ఆ 11 పాటల పేర్లు పెట్టండి, ఏది ఎక్కడ అమ్ముతున్నారో వెతుకుతాను. పాటలు అమ్మే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో దొరికితే తాళం లేని ఫైలే ఇస్తారు.

రాత్రిశ్రోత:
తొమ్మిదింటి పేర్లు సాయంత్రం పెడతాను, అవి బూడిద రంగులో ఇంకా కనిపిస్తున్నాయి. మిగతా రెండూ జాబితాలోనే లేవు. 46 అని లెక్క గుర్తుంది కాబట్టి పోయాయని తెలిసింది. అవేంటో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.