జర్నలిజంలో థియరీ పేపర్లు నిజంగా దేనికైనా పనికొస్తాయా? చెన్నైలో ఎంఏ చదువుతున్నా, కాస్త చెప్పండి

సైదాపేట అమ్మాయి:

అందరికీ నమస్తే అండి. మాది నాయుడుపేట, నాన్న ఉద్యోగం వల్ల నేను పుట్టి పెరిగిందంతా చెన్నై సైదాపేటలోనే. ఇప్పుడు ఇక్కడే జర్నలిజం ఎంఏ ఫస్టియర్. క్లాసులో సగం మంది కెమెరా, ఎడిటింగ్ వస్తే చాలంటున్నారు, థియరీ క్లాసుకి అటెండెన్స్ కోసమే వస్తున్నారు. నాన్నేమో "రాయడం నేర్చుకోవాలంటే ఏదో ఒక పేపరాఫీసులో చేరు, రెండేళ్ళు ఫీజులు కట్టి ఈ చదువెందుకమ్మా" అంటున్నారు.

నాకు మాత్రం ఆ థియరీ పేపర్ మీదే మనసుంది. ఎందుకంటే 2015 డిసెంబర్ వరదలప్పుడు నేను ఏడో క్లాసు, అడయారు నది నీళ్ళు మా వీధిలోకి వచ్చేశాయి, కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు, కింది వాటా వాళ్ళంతా మా మేడ మీదే ఉన్నారు. చెంబరంబాక్కం చెరువు కట్ట తెగిందంట అని ఎవరో అరిచారు, అంతే, మా అమ్మమ్మని ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి నీళ్ళ ట్యాంకు పక్కన పెట్టారు, రాత్రంతా ఆవిడ వానలో గొడుగు పట్టుకుని అక్కడే కూర్చుంది. కట్ట తెగలేదు. అది ఉత్త పుకారని మాకు తెలిసేసరికి మర్నాడు సాయంత్రం అయింది. 1878లో పెట్టిన హిందూ పేపర్ కూడా డిసెంబర్ 2న చెన్నైలో ప్రింట్ కాలేదు, అన్నేళ్ళలో అదే మొదటిసారి, పనివాళ్ళు మరైమలై నగర్ ప్రెస్సుకి వెళ్ళలేకపోయారు. వార్త అందకపోతే మనుషులు ఏమైపోతారు అన్న ప్రశ్న అప్పట్నుంచీ నాతోనే ఉంది. దాన్ని చదువుకుంటే ఉద్యోగంలో పనికొస్తుందా, లేక నాన్న చెప్పిందే కరెక్టా?

మురళి, బెంగళూరు:

చెల్లెమ్మా, నేను బెంగళూరులో ఒక ఛానెల్లో తొమ్మిదేళ్ళుగా బులెటిన్ చూస్తున్నా. ఇంటర్వ్యూలో థియరీ ఎవరూ అడగరు. వార్త కాపీ తప్పుల్లేకుండా ఇస్తావా, పది నిమిషాల్లో ప్యాకేజీ, అంటే విజువల్స్‌తో వెళ్ళే వార్తాకథనం, రాస్తావా, కన్నడం వచ్చా, ఇవే అడుగుతారు. ముందు చెయ్యి తిరగనివ్వు, మిగతావి తర్వాత చదువుకోవచ్చు. మీ నాన్నగారి మాట కొట్టిపారేయకు.

పాత డెస్కు మనిషి:

మురళి గారు, ఇంటర్వ్యూ సంగతి మీరన్నది నిజమే. కానీ అమ్మాయి అడిగింది ఇంటర్వ్యూ గురించి మాత్రమే కాదు కదా. నేను ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో ఇరవై ఏళ్ళకి పైగా సబ్‌ఎడిటర్‌గా చేశాను, ఇప్పుడు అంబత్తూరులో అబ్బాయి దగ్గర ఉంటున్నా. ఒక విషయం చెప్తా అమ్మా.

ఒక మండలం కంట్రిబ్యూటర్, అంటే ఊళ్ళ నుంచి వార్తలు పంపే విలేకరి, యానాది కాలనీలో బోరు చెడిపోయింది, జనం కాలవ నీళ్ళు తాగుతున్నారు అని వార్త పంపాడు. చిన్న ఐటమ్, పది లైన్లు. ఆ రోజు మంత్రి పర్యటన ఉంది, స్థలం లేదు, పక్కన పడేశా. వారానికి మళ్ళీ పంపాడు, ఈసారి ఫొటోతో, బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు. అప్పుడూ ఏదో అడ్డొచ్చింది. మూడోసారి "ఇది పాతదే కదా" అనుకున్నా, అసలు వేయనే లేదు, అయినా పాతదైపోయింది నాకు. నాలుగోసారి అతిసార వచ్చి పదకొండు మందిని ఆసుపత్రిలో చేర్చారని వచ్చింది. ఆ రోజు పేజీలో అదే పెద్ద వార్త, నాలుగు కాలమ్‌లు, హెడ్డింగ్ నేనే పెట్టా. ఆ మూడు కాయితాలు నేనెందుకు పక్కన పెట్టానో ఆఫీసులో ఎవ్వరూ అడగలేదు, అడిగే పద్ధతే లేదు.

రిటైరయ్యాక మా కోడలి పుస్తకాల్లో డేవిడ్ మానింగ్ వైట్ అనే పరిశోధకుడు 1950లో రాసిన వ్యాసం కనపడింది. ఆయన అమెరికాలో ఒక మాదిరి నగరం పేపర్లో వైర్ ఎడిటర్‌ని, అంటే ఏజెన్సీల నుంచి వచ్చే వార్తలు ఏరే మనిషిని పట్టుకుని, వారం రోజులు నువ్వు పారేసిన ప్రతి వార్తా దాచు, ఎందుకు పారేశావో దాని మీద రాయి అన్నాడు. వచ్చినదాంట్లో పదింట తొమ్మిది వంతులు చెత్తబుట్టకే పోయాయి. కారణాలు చూస్తే, స్థలం లేదు, ఇంతకుముందే వేశాం, ఆసక్తిగా లేదు. నా చేతిరాత చూసినట్టే అనిపించింది. 1965లో గాల్టుంగ్, రూగే అని ఇద్దరు నార్వే పేపర్లలో విదేశీ వార్తలు ఎలా వస్తున్నాయో చూసి, ఉన్నట్టుండి జరిగింది, చెడు జరిగింది, పెద్దవాళ్ళకి జరిగింది, ఇవే త్వరగా వార్తవుతాయని చెప్పారు. బోరు చెడిపోవడం నెమ్మదిగా జరిగే విషయం, అతిసార ఒక్క రాత్రిలో వస్తుంది. ఆ తేడా నాకు పాతికేళ్ళప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే రెండోసారి ఫొటో వచ్చినప్పుడే ఆగేవాణ్ణి. అందుకే చదువు అంటున్నా.

తరమణి స్కాలర్:

పెద్దాయన చెప్పింది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

నేను ఇదే సబ్జెక్టులో రీసెర్చ్ చేస్తున్నా. ఇందులో రెండు పనులున్నాయి, వార్త రాయడం నేర్పడం ఒకటి, వార్త సమాజంలో ఏం చేస్తోందో చూడడం ఇంకొకటి. మొదటిదాని కోసమే 1908లో అమెరికాలోని మిస్సోరీలో స్కూలు పెట్టారు, విభజనకి ముందు మన దేశంలో 1941లో లాహోర్‌లో పంజాబ్ యూనివర్సిటీ వాళ్ళు మొదలుపెట్టారు. రెండోది మెల్లగా పక్కన పెరిగింది. ఎజెండా సెట్టింగ్ అని సిలబస్‌లో ఉంటుంది చూడు, 1968 అమెరికా ఎన్నికలప్పుడు మెకోంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు చాపెల్ హిల్ అనే ఊళ్ళో ఎటూ తేల్చుకోని 100 మంది ఓటర్లని ఏ సమస్యలు ముఖ్యం అని అడిగి, వాళ్ళు చదివే పేపర్లు, చూసే టీవీ వేటికి ఎక్కువ చోటిచ్చాయో కొలిచి పక్కపక్కన పెట్టారు, రెండు వరసలూ దాదాపు ఒకటే. 1972లో అచ్చయింది. పత్రిక మన చేత ఫలానాలాగే ఆలోచింపజేస్తుందని వాళ్ళు అనలేదు, దేని గురించి ఆలోచించాలో అది చెప్తుందన్నారు. ఈ తేడా చాలామంది పరీక్షల్లో కూడా తప్పు రాస్తారు.

ఒక్కమాట పెద్దాయనతో విభేదిస్తా, తప్పుగా అనుకోకండి సార్. తప్పంతా మీరు ఒక్కరి మీదే వేసుకుంటున్నారు. గే టక్‌మన్ అనే సోషియాలజిస్టు 1978లో రాసింది ఏంటంటే, వార్తల కోసం పత్రికలు వల వేస్తాయి, రిపోర్టర్లని పోలీస్ స్టేషన్, కోర్టు, కలెక్టరాఫీసు, అసెంబ్లీ దగ్గర పెడతాయి, అక్కడ కదిలిందే వలలో పడుతుంది. యానాది కాలనీ దగ్గర ఎవరున్నారు? ఆ కంట్రిబ్యూటర్ ఒక్కడే. అందుకే వల ఎక్కడెక్కడ వేస్తున్నారో మార్చితే ఏమవుతుందో మన దగ్గరే ఉదాహరణ ఉంది. ఈనాడు 1989లో జిల్లా ఎడిషన్లు పెట్టింది, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయిస్తే అది ఊరూరికీ పేపర్లో చేరింది, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పత్రికే ఉద్యమం చేసిందని అంటే తప్పు, చేసింది వాళ్ళు, వాళ్ళ సంగతి పక్క ఊరికి తెలిసింది పేపర్ వల్ల. రాబిన్ జెఫ్రీ భారతీయ భాషా పత్రికల మీద 2000లో తెచ్చిన పుస్తకంలో ఈ జిల్లా పేజీల గురించి ఉంటుంది, తప్పకుండా చూడు.

మురళి, బెంగళూరు:

మరి ఆ 100 మందీ ముందే ఆ సమస్యల గురించి బాధపడుతుంటే, పేపరే వాళ్ళని చూసి రాసి ఉండొచ్చు కదా? మా దగ్గర రేటింగ్ చూసే కదా రన్‌డౌన్, అంటే ఏ వార్త ముందు ఏది వెనక అన్న వరస, మారేది.

తరమణి స్కాలర్:

సరైన ప్రశ్న అన్నా. అది తేల్చడానికే వాళ్ళు 1972 ఎన్నికలప్పుడు అమెరికాలోనే షార్లట్ నగరంలో ఒకే మనుషుల్ని మళ్ళీ మళ్ళీ అడిగి చూశారు. ఇప్పుడు రేటింగులు, క్లిక్కులు వచ్చాక మీరన్న వైపు కూడా చూడాల్సిందే, మీలాంటివాళ్ళు రాస్తే మాకు ఎంతో ఉపయోగం.

కొరుక్కుపేట లక్ష్మి:

మా ఆయన సూళ్ళూరుపేట వైపు పదహారేళ్ళు కంట్రిబ్యూటర్‌గా చేశారు, పేపర్ పేరు చెప్పను. లైన్ ఎకౌంట్, పడిన వార్తకే డబ్బు. దాంతో పాటు పండగలకి యాడ్లు తేవాలని టార్గెట్. యాడ్ ఇచ్చిన కాంట్రాక్టర్ వేసిన రోడ్డు ఆర్నెల్లకే లేచిపోతే ఆయన ఆ వార్త ఎలా రాస్తారు చెప్పండి, నిద్రపట్టక లేచి కూర్చునేవారు. డబ్బు తీసుకుని ప్రచారాన్ని వార్తలా వేయడం, అదే పెయిడ్ న్యూస్, దాని మీద 2010లో ప్రెస్ కౌన్సిల్ సబ్‌కమిటీ రిపోర్టు ఇచ్చింది, పరంజయ్ గుహా ఠాకుర్తా గారూ మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి గారూ రాశారు, పూర్తి రిపోర్టు బయటికి రావడానికి 2011 అయింది. అమ్మాయ్, వార్తకి డబ్బెవరు ఇస్తున్నారు అన్నది కూడా చదువు తల్లీ, అది చదవకపోతే మిగతాది సగమే తెలుస్తుంది.

సైదాపేట అమ్మాయి:

ఇన్ని చెప్తారని అనుకోలేదు, చాలా థాంక్స్ అండి. నాన్నకి బోరు సంగతి చదివి వినిపించా, ఏమీ అనలేదు, ఇంకోసారి చదవమన్నారు. మా మేడమ్ ప్రాజెక్టుకి టాపిక్ అడిగారు, చెన్నై శివార్లలో తెలుగువాళ్ళుండే చోట్ల వార్తలకి పేపర్లు ఎంత చోటిస్తున్నాయో కొలుద్దామనుకుంటున్నా. కన్నెమరా లైబ్రరీలో పాత పేపర్లు ఉంటాయి కదా, అక్కడ కూర్చుని సెంటీమీటర్ లెక్కన. కానీ అచ్చయినవి కొలవగలను, అచ్చవ్వనివి ఎక్కడ దొరుకుతాయి? పెద్దాయనా, మీరు పక్కన పెట్టిన కాయితాలు ఏమయ్యేవి?

పాత డెస్కు మనిషి:

రాత్రి పేజీలు పంపేశాక గోనెసంచిలో వేసేవాళ్ళు తల్లీ. నెలాఖరుకి తూకానికి పోయేవి.

కొరుక్కుపేట లక్ష్మి:

మా ఆయన కార్బన్ పెట్టి రాసేవారు. పంపిన ప్రతిదానికీ కాపీ ఉంది, పడినవి ఒక ఫైలు, పడనివి ఒక ఫైలు, పడనిదే లావు. సూళ్ళూరుపేట ఇంట్లో అటక మీద ఉన్నాయి. దీపావళికి ఊరెళ్తున్నాం, చెదలు పట్టకుండా ఉంటే తెస్తా.