మా మేనల్లుడు ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కి ఇప్పుడే వెళ్లాలా, ఇంకో ఏడాది కాలేజీలో ఆడాలా?

శేషు_మామ:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా అక్క కొడుకు కాలేజీ ఫుట్‌బాల్ ఆడతాడు. కాలితో తన్నే ఆట కాదు, ఇక్కడి అమెరికా ఫుట్‌బాల్. బావ జార్జియాలో పుట్టి పెరిగిన నల్లజాతీయుడు, హైస్కూల్లో తనూ ఆడాడు. పిల్లాడికి ఒళ్లు బావది, మొండితనం మా అక్కది. రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. పెద్ద కాన్ఫరెన్స్‌లో (కాలేజీల లీగ్‌లో) ఉన్న యూనివర్సిటీయే, పేరు మాత్రం చెప్పను. హైస్కూల్ అయి మూడేళ్లు నిండుతున్నాయి కాబట్టి 2026 ఏప్రిల్లో పిట్స్‌బర్గ్‌లో జరిగే డ్రాఫ్ట్‌కి పేరివ్వొచ్చు. ఎన్‌ఎఫ్‌ఎల్ (ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్) టీమ్‌లు కాలేజీ కుర్రాళ్లని రౌండ్ల వారీగా ఎంచుకునేది అక్కడే. కాదనుకుంటే కాలేజీలో ఇంకో సీజన్ ఆడొచ్చు. జనవరి మధ్యలోపు తేల్చుకోవాలి.

ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఒక సలహా కమిటీ ఉంది. కుర్రాళ్లు అడిగితే మూడింట్లో ఏదో ఒక మాట చెబుతుంది: మొదటి రౌండ్, రెండో రౌండ్, లేదా కాలేజీకే వెళ్లు. మావాడికి మూడోది వచ్చింది.

క్రిస్మస్‌కి ఇంటికొచ్చాడు. రెండు మోకాళ్ల మీదా ఐసు సంచులు పెట్టుకుని, అవి జారకుండా వంటింట్లో ఉండే ప్లాస్టిక్ రేపర్ చుట్టేసి, ఎదురు కుర్చీ మీదికి కాళ్లు చాపి పెరుగన్నం తింటున్నాడు. నీళ్లు కారి కింద టైల్స్ మీద మడుగు కట్టాయి. అక్క మాట్లాడకుండా తుడుస్తోంది. వీడు తింటూనే ఫోన్ నా వైపు తిప్పి ఆ మెసేజ్ చూపించాడు. "మామా, నువ్వైతే ఏం చేస్తావ్?" అన్నాడు. నేను బ్యాంకులో లోన్ ఫైళ్లు చూసుకునేవాణ్ని. నన్నా అడిగేది?

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. బావేమో "వెళ్లిపో, రన్నింగ్ బ్యాక్ కాళ్లకి ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది, ఆ పరుగులేవో డబ్బులొచ్చే చోట పెట్టు" అంటాడు. అక్క డిగ్రీ డిగ్రీ అంటోంది, ఇంకో రెండు సెమిస్టర్లే మిగిలాయి. ఒక ఏజెంట్ ఫోన్ చేసి మూడో రౌండ్ ఖాయం అన్నాడట. ఇప్పుడున్న యూనివర్సిటీ వాళ్లు ఉంటే డబ్బు పెంచుతామంటున్నారు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్లోకి (యూనివర్సిటీ మారాలనుకునే ఆటగాళ్లు పేరిచ్చే జాబితాలోకి) వస్తే అంతకంటే ఎక్కువిస్తామని ఇంకెవరో కబురు పెట్టారు. పోర్టల్ కూడా ఈసారి జనవరి 2 నుంచి 16 దాకానే. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. పిల్లాడి టెన్షన్ సంగతేమో గానీ నాకైతే నిద్ర పట్టడం లేదు.

నా లెక్కలో అయితే ఇంకో ఏడాది ఆగాలి. కానీ అది నా భయం చెబుతున్న మాటో, బుర్ర చెబుతున్న మాటో తెలియడం లేదు. ఈ ఆట తెలిసినవాళ్లు చెప్పండి.

టచ్‌డౌన్_తాత:

శేషూ, కొలంబస్‌లో ముప్పై ఏళ్లకు పైగా కాపురం ఉన్నవాణ్ని, నాకు ఇది కాలక్షేపం కాదు, జబ్బు. కాబట్టి కొంచెం ఎక్కువే మాట్లాడతాను.

ఆ మూడేళ్ల రూలు మీద కోర్టుకెక్కింది మా ఒహాయో కుర్రాడే, మారిస్ క్లారెట్. 2002 సీజన్లో ఫ్రెష్‌మన్‌గానే ఒహాయో స్టేట్‌ని నేషనల్ ఛాంపియన్ చేశాడు. 2004లో కింది కోర్టులో గెలిచాడు, అప్పీల్లో ఓడిపోయాడు. చివరికి 2005లో డెన్వర్ వాళ్లు తీసుకున్నారు. ఏ రౌండ్లో అనుకున్నావు? మూడో రౌండే. సీజన్ మొదలవకముందే తీసేశారు, ఎన్‌ఎఫ్‌ఎల్లో ఒక్క రెగ్యులర్ సీజన్ మ్యాచ్ కూడా ఆడలేదు. వాడి కష్టాలు వేరే, మీవాడికి వాటితో సంబంధం లేదు. "మూడో రౌండ్ ఖాయం" అనే మాట విని జీవితం సెటిల్ అయిపోయిందని అనుకోవద్దని చెబుతున్నా, అంతే.

పోనీ ఆగితే మంచిదా అంటే, దానికీ రెండు రకాల కథలున్నాయి. మ్యాట్ లీనార్ట్ 2004లో హైస్‌మన్ (కాలేజీ ఫుట్‌బాల్లో ఉత్తమ ఆటగాడి అవార్డు) గెలిచాడు, అప్పుడే వెళ్లి ఉంటే మొదటి పిక్ (డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికయ్యేవాడు) అయ్యేవాడని అందరూ అన్నారు. ఆగాడు. ఆ ఆఖరి సెమిస్టర్లో తీసుకున్న ఒకే ఒక్క క్లాసు బాల్‌రూమ్ డాన్స్. 2006లో పదో పిక్‌గా పోయాడు. (మీ అక్కకి ఈ డాన్స్ సంగతి చెప్పకు.) అటు జో బరో చూడు, ఆగిన ఆ ఒక్క ఏడాదిలోనే 60 టచ్‌డౌన్ పాస్‌లు వేసి 2020లో మొదటి పిక్ అయ్యాడు. ఆండ్రూ లక్ కూడా స్టాన్‌ఫర్డ్‌లో ఆగాడు, ఆర్కిటెక్చరల్ డిజైన్ డిగ్రీ చేతబట్టుకుని 2012లో మొదటి పిక్‌గా వెళ్లాడు.

కానీ వీళ్లంతా క్వార్టర్‌బ్యాక్‌లు, బంతి విసిరేవాళ్లు. మీవాడు చూడాల్సింది జార్జియా యూనివర్సిటీ రన్నింగ్ బ్యాక్‌లిద్దరినీ, నిక్ చబ్, సోనీ మిషెల్. డ్రాఫ్ట్‌కి వెళ్లకుండా 2017లో ఇద్దరూ కలిసి కాలేజీకే వెనక్కొచ్చారు. ఇద్దరూ బంతి పంచుకున్నారు కాబట్టి ఒళ్లు హూనం కాలేదు. ఆ ఏడాది కాన్ఫరెన్స్ టైటిల్ కొట్టారు. 2018 డ్రాఫ్ట్‌లో మిషెల్ 31వ పిక్, చబ్ 35. వాళ్లకి అచ్చిరావడానికి కారణం ముందు నిలబడి దారి చేసిన లైన్, పక్కన ఉన్న ఇంకో రన్నర్.

అందుకే మీవాణ్ని రెండే అడుగు. వచ్చే ఏడాది ఆఫెన్సివ్ లైన్‌లో ఎవరుంటారు? ఐదుగురిలో ఎంతమంది మిగులుతున్నారు? ఆగడమంటే ఈ టీమ్‌లోనే ఆగుతున్నాననుకుంటున్నాడేమో, వచ్చే ఆగస్టుకి ఆ జెర్సీలో ఉండేది వేరే టీమ్. రెండోది, బ్లిట్జ్ వచ్చినప్పుడు (అవతలివాళ్లు అదనంగా దూసుకొచ్చినప్పుడు) క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి అడ్డం పడగలడా? కాలేజీలో పరుగు ఒక్కటి చాలు. ఎన్‌ఎఫ్‌ఎల్లో మూడో డౌన్‌కి (ఎక్కువగా బంతి విసిరే కీలక ప్రయత్నానికి) బ్లాక్ చేయలేని రన్నింగ్ బ్యాక్‌ని బయట కూర్చోబెడతారు. కమిటీ "కాలేజీకే వెళ్లు" అన్నప్పుడు కారణం చెప్పదు, నాకు తెలిసి సగంసార్లు కారణం ఇదే అయ్యుంటుంది.

వసంత_డాలస్:

డిగ్రీ పూర్తి చేయించండి. మిగతావన్నీ తర్వాత. ఒక తల్లిగా చెబుతున్నా.

లెక్కల_రావు:

వసంత గారూ, డిగ్రీ ఎక్కడికీ పోదు, తర్వాత వచ్చి పూర్తి చేసినవాళ్లు బోలెడుమంది. వెనక్కి రాని తలుపు డ్రాఫ్ట్‌ది. బాస్కెట్‌బాల్లోలా పేరిచ్చి, వారాల తరబడి చూసుకుని తిరిగొచ్చే సౌకర్యం ఫుట్‌బాల్లో లేదు. గడువు దాటాక ఎవరూ తీసుకోకపోయినా కాలేజీ ఆట అయిపోయినట్టే.

శేషు గారూ, నేను సీపీఏని (అకౌంటెంట్‌ని), ఆట గురించి నాకు పెద్దగా తెలియదు, కాగితాలు తెలుసు.

2011 ఒప్పందం నుంచి కొత్తవాళ్ల జీతాలు పిక్ నంబరును బట్టి దాదాపు ముందే ఖరారైపోతాయి. బేరానికి పెద్దగా చోటు లేదు. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి 50 మిలియన్ డాలర్ల గ్యారంటీ ఇచ్చారు, మరుసటి ఏడాది అదే మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి మొత్తం కాంట్రాక్టే 22 మిలియన్లు. ఇప్పుడు మూడో రౌండ్ అంటే నాలుగేళ్లకి 6 మిలియన్ల చుట్టుపక్కల కనబడుతుంది. అందులో చేతికి ఖాయంగా వచ్చేది సైనింగ్ బోనస్, అదొక మిలియన్ అటూ ఇటూ. మిగతాది టీమ్‌లో ఉన్నన్ని వారాలే. 2025లో కొత్తవాడి కనీస జీతం 840,000, అదీ సీజన్ 18 వారాలకి వారం లెక్కన. కట్ చేసి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో వేస్తే వారానికి 13,000. ఏడో రౌండ్‌కి జారితే బోనస్ లక్ష ప్రాంతంలోకి పడిపోతుంది. 2025లో టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఈవర్స్ కాలేజీలో ఆడే ఏడాది మిగిలుండగానే వచ్చాడు, 231వ పిక్ దాకా పోయాడు.

అటు కాలేజీల చేతిలో ఇప్పుడు డబ్బుంది. 2025 జులై నుంచి ఒక్కో యూనివర్సిటీ ఆటగాళ్లందరికీ కలిపి నేరుగా డబ్బు పంచొచ్చు, ఆ తొలి ఏడాదికి 20.5 మిలియన్ల దాకా. అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతుంది. అయితే మూడు విషయాలు. ఆ డబ్బు చాలాచోట్ల 1099 అనే ట్యాక్స్ ఫారం మీద ఇస్తున్నారు, అంటే పన్ను ఎవరూ ముందే పట్టుకోరు, మూణ్ణెల్లకోసారి పిల్లాడే కట్టాలి, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ అదనం. రెండు, ఎన్‌ఎఫ్‌ఎల్ కాంట్రాక్టు మీద ఏజెంట్ 3 శాతానికి మించి తీసుకోకూడదు, కాలేజీ డబ్బు మీద అలాంటి హద్దు లేదు. మూడు, మధ్యలో వెళ్లిపోతే ఎంత వెనక్కి కట్టాలో రాసుంటుంది. సంతకం పెట్టేముందు ఆ పేజీ చదవండి, మొత్తం చదవకపోయినా.

మీ బావగారి మాటలో ఒక నిజం ఉంది. డ్రాఫ్టయినవాడు మూడు సీజన్లు అయ్యేదాకా కాంట్రాక్టు మార్పించుకోలేడు. అసలు డబ్బు రెండో కాంట్రాక్టులోనే. 21కి వెళ్తే 25కి ఆ బేరానికి కూర్చుంటాడు, 22కి వెళ్తే 26కి. లెక్క చూసుకునేవాడికి ఏడాదే తేడా, రన్నింగ్ బ్యాక్‌కి అది పెద్ద తేడా.

పద్మజ_పీటీ:

శేషు గారూ, నేను ఫిజికల్ థెరపిస్టుని. ఐసు గురించి చదవగానే ఆగిపోయాను. సీజన్ అయ్యాక ఐసు పెట్టుకోవడం మామూలే, భయపడకండి. కానీ రెండు మోకాళ్లకీనా? వాపు ఉందా, మెట్లు దిగేటప్పుడు నొప్పా, పొద్దున లేవగానే బిగుసుకుంటున్నాయా, అడగండి. ఇది తేలకుండా డ్రాఫ్ట్ గురించి మాట్లాడి లాభం లేదు. ఫిబ్రవరి చివర్లో ఇండియానాపోలిస్‌లో కంబైన్ అని పరుగులు, దూకుళ్లు టీవీలో చూపిస్తారు గానీ, టీమ్‌లు అక్కడికి వెళ్లేది ముఖ్యంగా డాక్టర్ల పరీక్షల కోసం. ఒక్కో టీమ్ డాక్టరూ మోకాలు పట్టుకుని వంచి చూస్తాడు. ఇంట్లో దాచింది అక్కడ దాగదు.

గాయం భయంతో తొందరపడటం, గాయం భయంతో ఆగిపోవడం, రెండూ చూశాం. మార్కస్ లాటిమోర్ సౌత్ కెరొలైనాలో 2011లో ఒక మోకాలు, 2012లో రెండోది పోగొట్టుకున్నాడు. అయినా నాలుగో రౌండ్లో తీసుకున్నారు, ఒక్క మ్యాచ్ ఆడకుండానే 2014లో రిటైరయ్యాడు. జోనథన్ బ్రూక్స్‌కి టెక్సస్‌లో 2023 నవంబర్లో ఏసీఎల్ (మోకాలి లిగమెంట్) తెగింది. అయినా వెళ్లాడు, 2024లో అందరికంటే ముందు పోయిన రన్నింగ్ బ్యాక్ అతనే, 46వ పిక్. ఆ డిసెంబర్లోనే అదే మోకాలు మళ్లీ తెగింది. అందుకని దెబ్బ తగిలితే అంతా అయిపోతుందనీ కాదు, తగిలినా కొనేస్తారు కాబట్టి పర్లేదనీ కాదు.

మీవాడు బయట ఒక ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించుకోవాలి, యూనివర్సిటీకీ ఏజెంటుకీ సంబంధం లేని మనిషికి. ఎమ్మారై సీడీ మీ అక్క బీరువాలో ఉండాలి.

శేషు_మామ:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి వాడితో చాలాసేపు మాట్లాడాను.

తాతగారూ, మీరు అడగమన్నవి అడిగాను. లైన్‌లో ఐదుగురిలో ముగ్గురు పోతున్నారు. ఆఫెన్స్ కోఆర్డినేటర్‌కి వేరేచోట హెడ్ కోచ్ ఉద్యోగం వచ్చింది. బ్లిట్జ్ సంగతి అడిగితే కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఒక క్లిప్ పంపాడు. నవంబర్లో ఆడిన మ్యాచ్. లైన్‌బ్యాకర్ పరిగెత్తుకొస్తున్నాడు, మావాడు తల దించేసి భుజం అడ్డం పెట్టాడు, అవతలివాడు పక్కకి ఒక అడుగేసి తిన్నగా క్వార్టర్‌బ్యాక్ మీద పడ్డాడు. కింద మావాడి మెసేజ్: "కమిటీ చూసింది ఇదే, మామా." బావకి చూపించాను. రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాడు, తల ఎత్తమని హైస్కూల్ నుంచీ చెబుతున్నానని విసుక్కున్నాడు. ఆ తర్వాత "ఇప్పుడే వెళ్లు" అనే మాట మాత్రం ఆయన నోట రాలేదు.

పద్మజ గారూ, ఎడమ మోకాలికే వాపు, కుడిదానికి అలవాటుగా పెట్టుకుంటాడట. సోమవారం బయటి డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికింది.

ఇప్పుడు కొత్త తలనొప్పి. ఆగుతాను గానీ ఇక్కడ కాదు, పోర్టల్‌కి వెళ్తానంటున్నాడు, లైన్ బాగున్న చోటికి. వేరే యూనివర్సిటీకి మారితే క్రెడిట్లన్నీ ఒప్పుకోరు, రెండు సెమిస్టర్లు మూడో నాలుగో అవుతాయని అక్క పట్టుబట్టింది.

టచ్‌డౌన్_తాత:

పోర్టల్‌కే వెళ్తే డబ్బు ఎక్కువిచ్చేవాళ్ల కంటే ముందు, ఆ టీమ్ రన్నింగ్ బ్యాక్ కోచ్ ఇదివరకు ఎవరికి బ్లాకింగ్ నేర్పాడో చూడమను. పాత మ్యాచ్‌ల వీడియోలు దొరుకుతాయి. వాళ్ల మూడో డౌన్లు మాత్రమే చూడమను. ఆ క్లిప్ నాకూ పంపు.

లెక్కల_రావు:

అక్కగారికి చెప్పండి, ఏ క్రెడిట్లు ఒప్పుకుంటారో సంతకానికి ముందే ఆ యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవచ్చు. ఇంకో మాట, గాయమై పిక్ జారిపోతే డబ్బిచ్చే లాస్ ఆఫ్ వాల్యూ ఇన్సూరెన్స్ గురించి ఎవరైనా ఊదరగొడితే, అది మామూలుగా మొదటి ఒకటి రెండు రౌండ్లలో పోతారనుకునేవాళ్లకే పనికొస్తుంది. మీవాడికి శాశ్వతంగా ఆడలేకపోతే వచ్చే పాలసీ ఒక్కటి అడిగి చూడండి.

శేషు_మామ:

రావు గారూ, ఆ కొత్త యూనివర్సిటీ వాళ్ల కాంట్రాక్టు ఇందాకే పీడీఎఫ్‌గా వచ్చింది. మీరన్న పేజీ ఉంది, వెనక్కి కట్టాల్సిన అంకె చూసి కళ్లు తిరిగాయి. పేర్లు కొట్టేసి మీకు మెసేజ్ చేస్తున్నా, వీలైతే ఈ రాత్రికే ఒకసారి చూడండి.