ఏ సైటు కొట్టినా "నాట్ సెక్యూర్" అంటున్నది, క్రోమ్ మళ్ల ఎక్కించినా అదే కథ

దేవరకొండ (అడిగినవారు):
అన్నలందరికీ నమస్తే. మాది చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్. రెండు సిస్టమ్‌లున్నయి, వైఫై ఒకటే. పాత సిస్టమ్‌ల పొద్దుగాల నుంచి ఏ సైటు కొట్టినా తెల్ల పేజీ మీద ఇంగ్లీషుల ఏదో వచ్చి ఆగిపోతున్నది. పైన అడ్రస్ దగ్గర "నాట్ సెక్యూర్" అని ఉంటున్నది. హిస్టరీ మొత్తం క్లియర్ చేసిన. పెన్‌డ్రైవ్‌ల ఉన్న ఫైలుతోటి క్రోమ్ మళ్ల ఎక్కించిన. ఎడ్జ్‌ల గూడ గట్లనే. కొత్త సిస్టమ్‌ల మాత్రం అన్నీ తెరుచుకుంటున్నయి. అప్లికేషన్లకు పిల్లలొచ్చి కూసున్నరు, జర తొందరగ చెప్పుండ్రి.

జడ్చర్ల:
రూటర్ ఐదు నిమిషాలు బంద్ చేసి ఆన్ చెయ్ అన్నా. నాకు గట్లనే సెట్ అయింది.

మిర్యాలగూడ (రిపేర్ షాపు):
రూటర్ జోలికి పోకు తమ్మీ. అదే వైఫై మీద రెండోది నడుస్తున్నదని నువ్వే రాసినవ్. క్రోమ్‌ల, ఎడ్జ్‌ల రెండిట్ల వస్తున్నదంటే బ్రౌజర్ తప్పు గూడ కాకపోవచ్చు. ఇగ మిగిలింది ఆ సిస్టమే. "ఇంగ్లీషుల ఏదో" అన్నవ్ గద, అదేందో చదివి అక్షరం పొల్లుపోకుండ ఇక్కడ పెట్టు. ఆ ఏదోలనే జవాబు ఉంటది.

దేవరకొండ:
"యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్" అని ఉన్నదన్నా. కింద మూలకు చూస్తే 2015 జనవరి చూపిస్తున్నది!

మిర్యాలగూడ:
దొరికింది. ప్రతి సైటుకు అది అసలుదేనని చూపే ఒక సర్టిఫికెట్ ఉంటది, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాక చెల్లుతదని దాని మీద రాసి ఉంటది. 2020 సెప్టెంబరు నుంచి అయితే 398 రోజులకు మించి ఇస్తలేరు, ఆ గడువును ఇంకా కుదిస్తున్నరు. బ్రౌజర్ ఆ తేదీలను నీ సిస్టమ్ గడియారంతోటి పోల్చుకుంటది. నీ గడియారం 2015ల ఉంటే, ఇప్పటి సర్టిఫికెట్లన్నీ దాని లెక్కల ఇంకా పుట్టనే లేదు. అందుకే ఒక్క సైటును గూడ నమ్ముతలేదు. క్రోమ్ ఎన్నిసార్లు తీసి ఎక్కించినా గడియారం మారదు గద!

టైము మీద రైట్ క్లిక్ కొట్టి "అడ్జస్ట్ డేట్ అండ్ టైమ్"లకు పో. టైమ్ జోన్ల హైదరాబాద్ పేరు వెతకకు, ఉండదు. చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూ ఢిల్లీ అని ఒకే వరుసల ఉంటయి, అది పెట్టు. తర్వాత ఆటోమేటిక్ ఆన్ చెయ్. ఏండ్ల తేడా ఉన్నప్పుడు ఆటోమేటిక్ ఒక్కోసారి మొరాయిస్తది. అప్పుడు దాన్ని ఆఫ్ చేసి తేదీ చేత్తోనే పెట్టు. బ్రౌజర్ మూసి తెరువు.

దేవరకొండ:
అన్నా, అన్నీ తెరుచుకున్నయి! శాన థ్యాంక్స్.

దేవరకొండ (మర్నాడు):
మళ్ల 2015కే పోయిందన్నా. రాత్రి షాపు కట్టేసేటప్పుడు మెయిన్ బంద్ చేసి పోత. అది తప్పా?

మిర్యాలగూడ:
తప్పేం లేదు, మెయిన్ బంద్ చేసుడే మంచిది. కరెంటు ఉన్నంతసేపు సీపీయూ ఆఫ్ చేసినా మదర్‌బోర్డుకు జరంత కరెంటు అందుతనే ఉంటది. మెయిన్ బంద్ అయితే గడియారం నడిచేది లోపలున్న గుండ్రటి సెల్ మీదనే. అది చచ్చింది. సీఆర్2032 అని అడుగు, 3 వోల్టులది, వాచీ షాపుల గూడ దొరుకుతది. వైరు పీకి, డబ్బా తెరిచి, పక్కనున్న చిన్న క్లిప్ నొక్కితే పాతది పైకి లేస్తది. ప్లస్ గుర్తు పైకుండేటట్టు కొత్తది పెట్టు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు సెటప్ తెర వస్తే భయపడకు, తేదీ పెట్టి సేవ్ చెయ్. పాత సెల్ మాత్రం చిన్నపిల్లల చేతికి అందనియ్యకు, మింగితే ప్రాణం మీదికొస్తది.

వనపర్తి:
సార్, మా ఫోన్‌లో తేదీ సరిగ్గానే ఉంది. బస్టాండ్‌లో ఉచిత వైఫై పట్టినప్పుడు మాత్రం ఇలాంటి హెచ్చరికే వస్తుంది. "అడ్వాన్స్‌డ్" నొక్కి ముందుకు పోవచ్చా?

మిర్యాలగూడ:
వద్దు మేడం. ఉచిత వైఫైలు లాగిన్ పేజీ చూపించడానికి మధ్యల అడ్డం పడుతయి, అప్పుడు గూడ ఇదే వస్తది. ఆ లాగిన్ అయినంక హెచ్చరిక దానంతటదే పోవాలె. అయినా పోకపోతే వైఫై బంద్ చేసి మీ సిమ్ డేటా మీద చూడండి. బ్యాంకు, యూపీఐ, ఆధార్ పనుంటే హెచ్చరిక దాటి అస్సలు పోవద్దు.

జడ్చర్ల:
నాదొకటి అన్నా. ఫోన్‌ల అర్ధరాత్రి "మీ ఫోన్‌ల 5 వైరస్‌లు" అని మెసేజ్‌లు వస్తున్నయి.

మిర్యాలగూడ:
అది వైరస్ గాదు. ఏదో సినిమా సైటు "అలో" (మెసేజ్‌లు పంపేందుకు అనుమతి) నొక్కమంటే నొక్కినవ్. మెసేజ్ కింద సైటు పేరుంటది, దాన్ని గట్టిగ ఒత్తిపట్టి నోటిఫికేషన్ బంద్ చెయ్. అండ్ల చూపించే యాప్ మాత్రం ఎక్కించకు, అసలు మోసం అదే.

సూర్యాపేట:
విండోస్ 7 సిస్టమ్. క్రోమ్ అప్‌డేట్ కాదు, కొన్ని సైట్లు సగమే వస్తున్నయి. సెల్ మారిస్తే సరిపోతదా?

మిర్యాలగూడ:
మీది వేరే రోగం. విండోస్ 7కు క్రోమ్ 109 ఆఖరుది, 2023లనే ఆపేసిండ్రు. ఫైర్‌ఫాక్స్‌ల 115 ఆఖరు. అది వేసుకుంటే కొన్నాళ్లు నెట్టుకురావొచ్చు, కానీ జనాల బ్యాంకు లాగిన్లు ఆ సిస్టమ్ మీద చెయ్యకుండ్రి. ర్యామ్ ఎంతున్నదో రాయండి, 4 జీబీ ఉంటే విండోస్ బదులు లినక్స్ వేసుకునే దారి చెప్త.