అత్తకు 63, మోకాళ్ల అరుగుదల: యోగా ఎట్లా మొదలుపెట్టాలి?

కొర్లగుంట కోడలు: మా అత్తకు బీపీ, షుగర్ ఉన్నాయి, షుగర్‌కు గ్లిమెపిరైడ్ మాత్ర వాడతారు. ఎక్స్‌రేలో మోకాళ్లు కొంచెం అరిగాయన్నారు. కింద కూర్చోలేరు. ఫోన్‌లో చూసి సూర్యనమస్కారాలు మొదలుపెడతానంటున్నారు. కార్తీకంలో తిరుమలకు అలిపిరి మెట్లెక్కాలని ఆశ. ఏం చేయించమంటారు?

ఫిజియో, చంద్రగిరి: కుర్చీతో మొదలుపెట్టించండమ్మా. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది, కుర్చీ వీపును గోడకు ఆనించండి. మోకాళ్లు తుంటి కంటే పైకి ఉంటే కుర్చీ పొట్టిదని అర్థం, ఒక దిండు వేయండి. ముందుకు జరిగి, పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, ఛాతీ ముందుకు వంచి లేవాలి. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెడుతూ దిగాలి. చాలామంది చివర్లో దబ్బున కూలబడతారు, తొడ కండరానికి పనిపడేది సరిగ్గా అక్కడే. మోకాళ్లు లోపలికి వాలకుండా చూడండి. 8 సార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ 8. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు.

మిగతా రోజుల్లో మంచం మీద కాళ్లు చాపి, మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి, 5 సెకన్లు కిందికి నొక్కి వదలాలి. కాలికి పదిసార్లు. ఊపిరి బిగబట్టకూడదు, బీపీ పెరుగుతుంది. నొక్కుతూ బయటికి లెక్కపెట్టమంటే బిగబట్టడం కుదరదు.

చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా పరవాలేదు. మర్నాడు పొద్దునకు వాపొచ్చినా, నొప్పి పెరిగినా లెక్క సగానికి తగ్గించండి.

యోగా టీచర్, చిత్తూరు: సూర్యనమస్కారాలు ఇప్పుడొద్దు. తల కిందికి, మళ్లీ పైకి అంటే బీపీ మాత్ర వేసుకునేవాళ్లకు కళ్లు తిరగొచ్చు. కంట్లో ప్రెషర్ ఉన్నవాళ్లయితే తల దించే ఆసనం ఏదీ వేయకూడదు. వజ్రాసనం, పద్మాసనం కూడా పక్కన పెట్టండి. మోకాలు అంతగా మడిస్తే చిప్ప కింద ఒత్తిడి పెరుగుతుంది. మోకాళ్ల నొప్పికి వజ్రాసనమే మందని చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు, అరిగిన మోకాలికి అది కుదరదు. కపాలభాతి (ఊపిరి వేగంగా బయటికి కొట్టడం), కుంభకం (ఊపిరి బిగబట్టడం) వద్దు. కుర్చీలో కూర్చుని నాడీశోధన (ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి ఊపిరి తీయడం) చాలు: నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం, అయిదు నిమిషాలు. శవాసనం మంచం మీదే వేయించండి. లేచేటప్పుడు పక్కకు తిరిగి, కాళ్లు కిందికి వేలాడదీసి ఒక నిమిషం కూర్చున్నాకే నిలబడాలి.

నర్సు, రేణిగుంట: గ్లిమెపిరైడ్ వాడుతూ పరగడుపున వ్యాయామం చేస్తే షుగర్ పడిపోవచ్చు. ముందు చూసుకుంటే మంచిది, 100 లోపుంటే ఏదైనా తిని మొదలుపెట్టాలి. చెమట, వణుకు వస్తే వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపివ్వండి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి.

కొర్లగుంట కోడలు: చాలా థ్యాంక్స్ అండీ. మరి మెట్ల సంగతి? శ్రీవారి మెట్టు దారిలో మెట్లు తక్కువే కదా అంటున్నారు.

ఫిజియో, చంద్రగిరి: లెక్కకు తక్కువే, అలిపిరికి 3550, శ్రీవారి మెట్టుకు 2388. కానీ అక్కడ దాదాపు ఆగకుండా ఎక్కుడే. అలిపిరిలో గాలిగోపురం దాటాక చదును నడక దొరుకుతుంది, మోకాళ్ల పర్వతం మాత్రం కాళ్లు అలిసిపోయాక చివర్లో వస్తుంది. 60 దాటినవాళ్లు, బీపీ, షుగర్, కీళ్ల జబ్బులున్నవాళ్లు నడిచి రావద్దని టీటీడీ 2024లోనే చెప్పింది. అందుకని ముందు గుండె డాక్టరును అడగండి, ఈ కార్తీకమేనని పట్టుబట్టొద్దు. ఆయన సరేనంటే ఇంటి దగ్గర ఒకే మెట్టు మీద, రెయిలింగ్ పట్టుకుని ఎక్కి దిగడం నేర్పండి: ఎక్కేటప్పుడు నొప్పి తక్కువున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి ఎక్కువున్న కాలు ముందు. మోకాలికి దిగుడే ఎక్కువ కష్టం, కొండ మీద నుంచి కిందికి బస్సులో రమ్మనండి.

నర్సు, రేణిగుంట: చెప్పులు లేకుండా ఎక్కుతారు కదా, ముందుగా పాదాల్లో స్పర్శ ఎట్లుందో డాక్టరుతో చూపించుకోండి. మొద్దుబారిన కాలికి రాయి గుచ్చుకున్నా, మెట్టు కాలినా తెలీదు.