ఇంట్లోకి ఆర్కేడ్ మెషిన్: పాతది కొనాలా, మనమే కట్టుకోవాలా?

నీలిబటన్
అందరికీ నమస్కారం. నిలబడి ఆడుకునే ఆర్కేడ్ మెషిన్ ఒకటి ఇంట్లో పెట్టాలని చాలాకాలంగా కోరిక. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి: పాత అసలు మెషిన్ కొని బాగు చేసుకోవడం, ఇళ్ల కోసం చిన్న సైజులో చేసి అమ్మే కేబినెట్ కొనడం, ప్లైవుడ్ తెచ్చి నేనే కట్టుకోవడం. చెక్కపని కొద్దిగా వచ్చు, సోల్డరింగ్ కూడా వచ్చు. నాకు ప్యాక్‌మ్యాన్, డాంకీ కాంగ్ అంటే ప్రాణం. మా అబ్బాయికి స్ట్రీట్ ఫైటర్ 2 కావాలి. ఇప్పటికే పెట్టుకున్నవాళ్లు మీ అనుభవం చెప్పండి.

పాతట్యూబు
మా ఇంట్లో ఉన్నది 1980ల నాటి అసలు మెషిన్. పిక్చర్ ట్యూబు మీద ఆ ఆటలు వెలిగే తీరు నాకు ఏ ఎల్‌సీడీలోనూ దొరకలేదు, అందుకే నా ఓటు పాతదానికే. కాకపోతే డబ్బు చేతిలో పెట్టేముందు మెషిన్‌ని ఆన్ చేయించి, బాగా వేడెక్కేదాకా నడవనివ్వండి. బొమ్మ ఊగుతున్నా, అంచులు వంకర పోతున్నా, తెర కుంచించుకుపోయినట్టు ఉన్నా ముందు అనుమానించాల్సింది మానిటర్ బోర్డులోని ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లను. అవి ఎండిపోతాయి. కొత్తవి సెట్లుగా దొరుకుతాయి కాబట్టి అది పెద్ద సమస్య కాదు. తర్వాత ఆఫ్ చేసి, తెర మీద పక్క నుంచి వెలుతురు పడేలా చూడండి. చాలా ప్యాక్‌మ్యాన్ మెషిన్లలో ఆ దారుల గీతలు ట్యూబు మీద అచ్చుపడిపోయి ఉంటాయి. ఆ మచ్చ పోదు, ట్యూబే మార్చాలి.

గేమ్ బోర్డు మీద బ్యాటరీ ఉందేమో కూడా చూడండి. స్ట్రీట్ ఫైటర్ చేసిన క్యాప్‌కామ్ కంపెనీ సీపీఎస్-2 బోర్డుల్లో, రహస్య కోడ్‌లో ఉన్న ప్రోగ్రామ్‌ని విప్పే కీ బ్యాటరీ ఆధారంగా నిలిచే మెమరీలో ఉంటుంది. బ్యాటరీ అయిపోతే ఆట నడవదు. నియో జియో ఎంవీఎస్ అనే ఇంకో రకం ఆర్కేడ్ బోర్డుల్లో ఇబ్బంది వేరు: బ్యాటరీ కారి చుట్టుపక్కల రాగి ట్రాకులను తినేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటి. కలర్ ట్యూబుకు హై వోల్టేజ్ అందే ఆనోడ్ దగ్గర 20,000 వోల్టుల వరకు, కొన్నిట్లో అంతకంటే ఎక్కువ ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా ఆ చార్జి ట్యూబులో నిలిచే ఉంటుంది. దాన్ని డిశ్చార్జ్ చేయడం తెలిసినవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోండి, వీడియో చూసి చెయ్యి పెట్టొద్దు. పాత మానిటర్లలో చాలావాటికి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మానిటర్‌ని ఇంటి కరెంటు లైన్‌కు నేరుగా తగలకుండా వేరు చేసేది) తప్పనిసరి. ఎవరో దాన్ని తీసేసి నేరుగా కరెంటు ఇచ్చిన మెషిన్లు కూడా ఉంటాయి. పిల్లలున్న ఇల్లు కాబట్టి వెనక తలుపుకు తాళం ఉండాల్సిందే.

గదికొలత
పూర్తి సైజు పాత మెషిన్ బరువు 100 కిలోలు దాటుతుంది. కొనకముందే గది తలుపు, మెట్ల మలుపు కొలుచుకోండి. కేబినెట్ లోతే అందరూ మర్చిపోయే కొలత.

ఫ్రేములెక్క
నీలిబటన్ గారూ, కొనాలా కట్టాలా అన్నది తర్వాత చూద్దాం. మీరు చెప్పిన మూడు ఆటల పేర్లలోనే సగం జవాబు ఉంది.

ప్యాక్‌మ్యాన్ (1980), డాంకీ కాంగ్ (1981) రెండూ నిలువు తెర ఆటలు. ప్యాక్‌మ్యాన్ బొమ్మ 224 అడ్డం, 288 నిలువు పిక్సెళ్లు. స్ట్రీట్ ఫైటర్ 2 (1991) అడ్డ తెర ఆట, 384 × 224. అడ్డంగా పెట్టిన వెడల్పాటి తెరలో ప్యాక్‌మ్యాన్ ఆడితే రెండు పక్కలా నలుపు మిగిలి, బొమ్మ మధ్యలో సన్నగా కనిపిస్తుంది. అందుకే చాలామంది 4:3 లేదా 5:4 నిష్పత్తి ఉన్న పాత కంప్యూటర్ మానిటర్ వెతుక్కుంటారు. 1280 × 1024 ఉన్న 19 అంగుళాల మానిటర్‌లో రెండు రకాల ఆటలూ చక్కగా ఇముడుతాయి. మానిటర్‌ని నిలువుగా తిప్పి బిగించే ఆలోచన ఉంటే మాత్రం ఐపీఎస్ ప్యానెల్ (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని రకం ఎల్‌సీడీ) తీసుకోండి. టీఎన్ ప్యానెల్‌ని నిలువుగా తిప్పితే పక్కన నిలబడ్డ రెండో ఆటగాడికి రంగులు మారిపోయి కనిపిస్తాయి.

ఇక జాయ్‌స్టిక్. ప్యాక్‌మ్యాన్, డాంకీ కాంగ్‌లకు నాలుగు దిక్కుల స్టిక్ కావాలి. ఎనిమిది దిక్కుల స్టిక్‌తో ఆడితే మలుపు దగ్గర స్టిక్ మూలకు జారుతుంది. అక్కడ రెండు దిక్కులు ఒకేసారి నొక్కినట్టు అవుతుంది కదా, ప్యాక్‌మ్యాన్ తిరగాల్సిన చోట తిరగడు. చాలామంది తప్పు తమ చేతిదే అనుకుంటారు. కాదు, స్టిక్‌దే. అదే స్ట్రీట్ ఫైటర్‌లో మూలలు లేకపోతే చాలా స్పెషల్ మూవ్‌లు పడవు. కింద ఉండే ప్లాస్టిక్ గేటు తిప్పి నాలుగు, ఎనిమిది మార్చుకునే స్టిక్‌లు దొరుకుతాయి. కానీ ప్రతిసారీ ప్యానెల్ విప్పడం ఎవరికీ ఓపిక ఉండదు.

తర్వాతది లేటు, అంటే బటన్ నొక్కాక తెర మీద కనిపించడానికి పట్టే ఆలస్యం. ఆట సెకనుకు దాదాపు 60 ఫ్రేములు నడుస్తుంది, అంటే ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. టీవీ పెడితే అది బొమ్మకు మెరుగులు దిద్దుతూ కొన్ని ఫ్రేములు వెనకబడొచ్చు. గేమ్ మోడ్ ఉంటే ఆన్ చేయండి, లేకపోతే కంప్యూటర్ మానిటరే మేలు. ఇంకో సంగతి: అన్ని ఆటలూ కచ్చితంగా 60 హెర్ట్జ్ కావు. ప్యాక్‌మ్యాన్ 60.6, మోర్టల్ కాంబాట్ 54.7 దగ్గర. స్థిరంగా 60 దగ్గరే ఉండే మానిటర్‌లో మోర్టల్ కాంబాట్ కదలిక తడబడుతుంది. వేరియబుల్ రిఫ్రెష్ రేట్ (ఆట వేగానికి తగ్గట్టు తెర వేగం మారడం) ఉన్న మానిటర్‌లో ఆ తడబాటు పోతుంది.

నీలిబటన్
ఫ్రేములెక్క గారూ, చాలా థ్యాంక్స్. మలుపు దగ్గర ప్యాక్‌మ్యాన్ తిరగకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను, కారణం ఇప్పుడు తెలిసింది. చిన్న సైజు రెడీమేడ్ కేబినెట్ వాడినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఇద్దరుపిల్లలు
మా ఇంట్లో ఉందండీ. అట్టపెట్టెలో విడి భాగాలుగా వస్తుంది, స్క్రూలు బిగించుకుంటే చాలు. పిల్లల ఎత్తుకు సరిగ్గా సరిపోతుంది. పెద్దవాళ్లకు మాత్రం కింద దిమ్మ పెట్టకపోతే నడుము నొప్పి. ఇద్దరు పెద్దవాళ్లు పక్కపక్కన నిలబడితే మోచేతులు తగులుతాయి. లోపల పెట్టి ఇచ్చిన ఆటలు తప్ప వేరే రావు. కొంతమంది లోపలి బోర్డు తీసేసి తమ సొంత కంప్యూటర్ పెట్టుకుంటున్నారు. అలా చేసేటట్టయితే వారంటీ వదులుకోవాల్సిందే. మా పిల్లలకు మాత్రం ఎంత ఇష్టమో చెప్పలేను.

టంకంపెట్టె
చెక్కపని వచ్చంటున్నారు కాబట్టి కట్టుకోమనే నేనంటాను. కంట్రోల్ ప్యానెల్ మీద ఎక్కువ సమయం పెట్టండి. చేతులు ఉండేది అక్కడే. మిగతా కేబినెట్ అంతా పెట్టె.

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ గానీ ఎండీఎఫ్ గానీ సరిపోతుంది. ఎండీఎఫ్ నున్నగా కోసుకుంటుంది, రంగు బాగా పడుతుంది. కానీ తడి తగిలితే ఉబ్బుతుంది, స్క్రూ రెండోసారి బిగిస్తే పట్టు తగ్గుతుంది. దాన్ని కోసేటప్పుడు వచ్చే పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ లేకుండా కోయొద్దు. అంచుల చుట్టూ టీ-మోల్డింగ్ అనే ప్లాస్టిక్ అంచుపట్టీ పెట్టాలంటే చెక్క మందం మధ్యలో సన్నటి గాడి తీయాలి.

జపాన్ రకం బటన్లకు 30 మి.మీ. కన్నం, స్టార్ట్ బటన్‌కు 24. అమెరికన్ రకానికి 28 చాలు. బటన్లు చేతికి వచ్చాకే, పనికిరాని ముక్క మీద కన్నం వేసి సరిచూసుకుని ప్యానెల్ కోయండి. నొక్కితే బిగుసుకునే రకం బటన్లు పలుచటి రేకుకో ప్లాస్టిక్‌కో బాగుంటాయి, మందమైన చెక్కకు మర వేసి బిగించేవి తీసుకోండి. స్టిక్ కాడ కూడా మందమైన చెక్కలో పొట్టిగా అయిపోతుంది. అడుగు వైపు చెక్కను తొలిచి స్టిక్‌ని లోపలికి దించాలి.

వైరింగ్ చూసి టెన్షన్ పడకండి. ప్రతి బటన్‌కు రెండు కాళ్లే. ఒకటి బటన్ నొక్కును కంప్యూటర్‌కు చెప్పే యూఎస్‌బీ ఎన్‌కోడర్ బోర్డుకు వెళ్తుంది, రెండోది గ్రౌండ్. గ్రౌండ్‌కి ఒకే వైరు అన్ని బటన్లనూ కలుపుకుంటూ పోతే చాలు. సోల్డర్ చేయొద్దు, తొడిగే కనెక్టర్లు వాడండి. పాడైన బటన్ క్షణంలో మార్చుకోవచ్చు. జపాన్ బటన్లకు 2.8 మి.మీ. కనెక్టర్, చెర్రీ మైక్రోస్విచ్‌లకు 4.8.

పాతట్యూబు
టంకంపెట్టె అన్నా, పని వచ్చినవాళ్లకు మీ మాట నిజమే. దానికి ఒకటి కలుపుతాను. పాత కేబినెట్ ఖాళీ గుల్ల దొరికితే, లోపల పనిచేసే ట్యూబు లేకపోతే, అదీ మంచి మొదలే. కానీ పనిచేస్తున్న అసలు మెషిన్‌ని మాత్రం దయచేసి కోసి కంప్యూటర్ పెట్టొద్దు. కొత్తవి ఇక తయారు కావు. అందులో జామా కనెక్టర్ (గేమ్ బోర్డుని కేబినెట్‌కు కలిపే ఒకే కొలత కనెక్టర్) ఉంటే 56 పిన్నుల ఆ ఒక్క పట్టీ మీదే ఎన్నో బోర్డులు మార్చి ఆడుకోవచ్చు. కొత్త బోర్డు తగిలించేముందు 5 వోల్టులు సరిగ్గా వస్తున్నాయో లేదో మీటర్‌తో చూడండి, పట్టీ తిరగేసి పెడితే బోర్డు కాలుతుంది.

రాత్రిడ్యూటీ
కంప్యూటర్ వైపు నుంచి రెండు మాటలు. ఈ పాత ఆటలకు రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు హాయిగా సరిపోతుంది. 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అసలు అడాప్టరే వాడండి. ఫోన్ చార్జర్ పెడితే తెర మూలన మెరుపు గుర్తు వస్తుంది, మధ్యలో ఆగిపోతుంది. పిల్లలు నేరుగా స్విచ్ ఆపేస్తే ఎస్‌డీ కార్డు చెడుతుంది. అన్నీ కుదిరాక కార్డుని రీడ్-ఓన్లీగా (దాని మీద కొత్తగా ఏమీ రాయకుండా) పెట్టేయండి. పాత మెషిన్ హార్డ్‌వేర్ తీరునే ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మనం మార్చుకోగల) చిప్‌లో దించే మిస్టర్ అని ఇంకో దారి ఉంది. లేటు చాలా తక్కువ, ఖర్చు ఎక్కువ.

ఆర్కేడ్ మెషిన్‌లను కంప్యూటర్‌లో అనుకరించే మేమ్ ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ 1997 నుంచీ ఉంది, ఉచితమే. ఆటల రోమ్ (ROM) ఫైళ్లు, అంటే అసలు ఆట ప్రోగ్రామ్ కాపీలు మాత్రం ఉచితం కావు, వాటికి కాపీరైట్ ఉంది. రాబీ రోటో, గ్రిడ్లీ లాంటి కొన్నిటికి హక్కుదారులు అనుమతి ఇచ్చారు, అవి మేమ్ వాళ్ల సైట్‌లోనే ఉంటాయి. మిగతావి కొనుక్కునే దారులు చూడండి. పాత కంపెనీలు కలెక్షన్లుగా అమ్ముతూనే ఉన్నాయి.

నీలిబటన్
అందరికీ కృతజ్ఞతలు. కట్టుకోవడానికే నిర్ణయించుకున్నాను. 19 అంగుళాల 5:4 మానిటర్ అడ్డంగా, ఇద్దరికీ ఎనిమిది దిక్కుల స్టిక్, ఆరేసి బటన్లు. ప్యానెల్ మధ్యలో పైన ప్యాక్‌మ్యాన్ కోసం నాలుగు దిక్కుల స్టిక్ ఒకటి విడిగా. ప్యానెల్ ఎత్తు ఎంత ఉంచాలి? లోపల వేడికి ఫ్యాన్ అవసరమా?

టంకంపెట్టె
మధ్య స్టిక్ ఆలోచన చాలా బాగుంది. అది స్ట్రీట్ ఫైటర్ ఆడేవాళ్ల చేతులకు అడ్డం రాకుండా పైకి జరపండి. ముందు అట్టముక్క మీద బటన్ల చోట్లు గీసి, మీరు, మీ అబ్బాయి చేతులు పెట్టి చూసుకోండి. ఎత్తు నేల నుంచి 95 సెంటీమీటర్ల దగ్గర మొదలుపెట్టండి. పిల్లలకు పీట వేయొచ్చు, పెద్దవాళ్లు వంగి ఎక్కువసేపు ఆడలేరు. రాస్‌బెర్రీ పై, మానిటర్ మాత్రమే అయితే పెద్ద ఫ్యాన్ అక్కర్లేదు. వెనక తలుపుకు కింద ఒక వరస, పైన ఒక వరస గాలి కన్నాలు పెట్టి, కేబినెట్‌ని గోడకు ఆనించకుండా నాలుగు వేళ్లు ఎడం ఉంచండి. మెయిన్ స్విచ్ పిల్లల చేతికి అందని ఎత్తులో, వెనక వైపు పెట్టండి.